మా గోడ నార్మల్‌గానే ఉంది!

ఇంజినీర్లూ, డాక్టర్లూ, మెకానిక్కులూ ఏళ్ళ తరబడి పుస్తకాలతో కుస్తీ పట్టడం శుద్ధ దండగ! వాళ్ళు నేర్చుకోవాల్సింది ఒకే ఒక్క మాట. అది నోటికొస్తే చాలు, మిగతా చదువంతా అటకెక్కించెయ్యొచ్చు. ఆ మాట 'నార్మల్'.

నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. మనిషి కనిపెట్టినవాటిలో నిప్పు గొప్పదంటారు కొందరు. చక్రం గొప్పదంటారు ఇంకొందరు. నిప్పు కాలుస్తుంది, చక్రం పంక్చరవుతుంది. 'నార్మల్' వాడినవాడికి మాత్రం ఈకైనా ఊడదు. ఆ ఒక్క ముక్కా అనేసి హాయిగా ఇంటికెళ్ళి భోంచేస్తాడు.

నాకీ జ్ఞానోదయం మా అత్తగారి గదిలో గోడ పగలడంతో మొదలైంది.

మా ఫ్లాటు కొత్తదే. గృహప్రవేశం నాటి బెలూన్లు ఇంకా ఒకటీ అరా ఫ్యానుకి వేలాడుతున్నాయి. అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడ మంచం పక్కన, సరిగ్గా తలగడకి పైన, గోడ మీద సన్నటి గీత కనిపించింది. మావాడు పెన్సిల్‌తో గీశాడనుకుని మా ఆవిడ వాడి చెవి మెలేసి, తడిగుడ్డతో తుడిచింది. గీత పోలేదు, పెచ్చు ఊడింది.

బిల్డింగు కట్టిన కంపెనీకి ఫోన్ చేశాం. ఇంజినీరు గారు ఫోటో పంపమన్నారు. పంపిన మరుక్షణం జవాబొచ్చింది. "హెయిర్ క్రాక్ సార్. కొత్త బిల్డింగుల్లో నార్మల్."

ఎంత హాయి! నేనా మెసేజి మా ఆవిడకి గట్టిగా చదివి వినిపించాను.

"గోడ పగలడం నార్మలేంటండీ?" అంది.

ఏం చేస్తాం? పెద్ద చదువులు చదివినా కొందరికి నమ్మకం తక్కువ. నాకు మాత్రం ఆ మాట తెగ నచ్చేసింది. అప్పట్నుంచీ లోకమంతా దాని మీదే నడుస్తున్నట్టు కనబడసాగింది.

ముందు నా స్కూటర్ సంగతి. కంకర నమిలినట్టు చప్పుడు చేస్తోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బండివైపు చూడకుండానే "ఆ సౌండు నార్మలే సార్. అది ఆగిపోతే చెప్పండి" అన్నాడు. మర్నాడే ఆగిపోయింది, బండితో సహా! ఎర్రటి ఎండలో తోసుకుంటూ మళ్ళీ వెళ్ళాను. "పాత బండి కదా సార్, ఆగడం నార్మలే" అన్నాడు. నడిచినా నార్మలే, ఆగినా నార్మలే. ఇంత సమదృష్టి ఏ సన్యాసికుంది చెప్పండి?

బండి తోసిన పుణ్యాన నడుం పట్టేసింది. డాక్టరు గారు రక్తం తీయించారు, స్కానింగు తీయించారు. కాగితాలన్నీ తిరగేసి "కంగ్రాట్స్! అన్నీ నార్మల్" అన్నారు.

"మరి నొప్పో డాక్టరు గారూ?"

"రిపోర్టుల్లో నొప్పి లేదండీ."

నిజమే మరి! నొప్పి నాకుంది గానీ రిపోర్టుకి లేదు. ఆయన వైద్యం చేసేది రిపోర్టుకి. అది నిక్షేపంలా ఉంది. దాన్ని ఫైల్లో పెట్టుకుని, నేను వంగిపోయి ఇంటికొచ్చాను.

నడుంనొప్పితో కొన్నాళ్ళు ఆఫీసు మానేస్తే, తిరిగి వెళ్ళగానే మేనేజరు గారు పిలిచారు. కంప్యూటర్లో బోర్లించిన గంటలాంటి బొమ్మ చూపించి, ఈ చివర బాగా పనిచేసేవాళ్ళు, ఆ చివర అసలు చేయనివాళ్ళు అన్నారు. "మీరు సరిగ్గా మధ్యలో ఉన్నారు. నార్మల్!"

"మరి జీతం సార్?"

"అదీ నార్మలే."

అంటే అంగుళం కదల్లేదని అర్థం. పెరగలేదు అని ఉంటే నాకెంత కష్టంగా ఉండేదో ఆలోచించండి. నార్మల్ అన్నారు కాబట్టి థాంక్స్ కూడా చెప్పి బయటికొచ్చాను. గాజు తలుపు మూసుకున్నాక గానీ విషయం బుర్రకెక్కలేదు!

ఇంత చల్లని మాట బడిలో మాత్రం పిడుగులా పడింది. పేరెంట్స్ మీటింగులో టీచరు గారు "మీవాడు నార్మలండీ" అన్నారు. అంతే, మా ఆవిడ మొహం మాడిపోయింది. పక్కింటివాళ్ళమ్మాయిని 'ఎక్సెప్షనల్' అన్నారట! డాక్టరు దగ్గర ఇదే మాట వింటే దండం పెడతాం, బడిలో వింటే ట్యూషన్ పెట్టిస్తాం. పాపం వాడు చేసిన నేరమల్లా అందరు పిల్లల్లాగే ఉండటం.

ఇలా ఎక్కడపడితే అక్కడ ఉచితంగా దొరికే నార్మల్, కాన్పుల ఆస్పత్రిలో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. మా చెల్లెలు నొప్పులతో వెళ్తే, ఆ సరుకు ఈమధ్య రావడం లేదన్నట్టు మొహం పెట్టారు. ఉన్న స్టాకంతా మెకానిక్కులూ ఇంజినీర్లూ పట్టుకుపోయారు కాబోలు!

ఈలోగా మా గోడ తన పని తాను చేసుకుపోయింది. గీత కాస్తా సందయింది, సందులో వేలు పట్టింది. అవతలింటి టీవీ సీరియల్ అత్తగారు మంచం మీంచే వింటున్నారు. చూడ్డానికే కొంచెం మెడ వంచాల్సి వస్తోంది. ఆవిడ తుమ్మితే "జలుబు చేసిందా పిన్నిగారూ?" అని పక్కింటావిడ అటునుంచే పలకరిస్తోంది. నగరాల్లో మనుషుల మధ్య గోడలు లేచాయని వాపోయే పెద్దలు మా ఇంటికొచ్చి చూడొచ్చు.

మళ్ళీ ఫోటో పంపాం. ఈసారి ఇంజినీరు గారు దయతలచి ఫోన్‌లోనే మాట్లాడారు. "సెటిల్‌మెంట్ క్రాక్ సార్. బిల్డింగు సర్దుకుంటోంది. నార్మల్."

"ఎటు సర్దుకుంటోంది సార్?"

"కిందికి సార్."

నాకు వెంటనే ఊపిరి ఆడలేదు గానీ, నార్మల్ అన్నారు కదా, కాసేపటికి అదే ఆడింది. ఆ సాయంత్రం మావాడు లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. గణితంలో నార్మల్ అంటే తలానికి లంబంగా, నిటారుగా నిలబడే గీతట. అప్పుడు గోడ కేసి చూశాను. నా నడుం నార్మల్, జీతం నార్మల్, కొడుకు నార్మల్. ఇంట్లో ఆ గోడ ఒక్కటే నార్మల్ కాదు!

"అమ్మా, నువ్వు హాల్లో పడుకో" అని మా ఆవిడ బతిమాలింది.

"పగిలింది గోడ, నేను కాదు. నా మంచం నేనెందుకు వదలాలి?" అన్నారు అత్తగారు.

పోనీ మంచమే జరుపుదామంటే రెండో గోడకి తలుపు, మూడోదానికి కిటికీ, నాలుగోదానికి బీరువా. బయటి మేస్త్రీని పిలుద్దామంటే, కంపెనీవాళ్ళు తప్ప ఎవరు చెయ్యి పెట్టినా గ్యారంటీ పోతుందట. గ్యారంటీ అంటే ఏమిటని అడగొద్దు, దాని అర్థాల మీద ఇంకో గ్రంథం రాయాలి. మా ఆవిడ మాత్రం పడుకోబోయే ముందు ఆ గదిలోకి వెళ్ళి, తల్లి నిద్రపోయేదాకా గోడనే చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున్న అత్తగారు వంటింట్లో కాఫీ తాగుతుండగా గదిలో దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే తలగడ మీద పెద్ద పెచ్చు. చేతిలో ఇమడనంత పెద్దది. తలగడకి సొట్ట పడింది.

మా ఆవిడ ఆ పెచ్చు పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మ తల ఇక్కడే కదండీ ఉండేది" అంది. నాకు చెప్పడానికి చాలా మంచి మాట ఒకటి తెలుసు. ఎందుకో ఆ పూట దాన్ని వాడబుద్ధి కాలేదు.

ఫోన్ మా ఆవిడే చేసింది. "మీరొచ్చి చూడకపోతే ఆ తలగడ పట్టుకొచ్చి మీ ఆఫీసులోనే పడుకుంటాం" అంది. ఇంజినీరు గారు సెలవురోజున రానే వచ్చారు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరేమో, చిన్న కూతుర్ని కూడా వెంట తీసుకొచ్చారు. ముద్దొచ్చే పిల్ల. రెండు పిలకలు, చేతిలో బెలూను.

నెత్తిన హెల్మెట్‌తో వచ్చి ఆయన అత్తగారి గది గడప బయటే ఆగిపోయారు.

"ఇంట్లోకి ఆ టోపీ ఎందుకు నాయనా?" అన్నారు అత్తగారు.

"కంపెనీ రూలండీ."

"ఇక్కడ పడుకునేవాళ్ళకి లేదా ఆ రూలు?"

ఆయన గడప అవతల నుంచే టార్చి వేసి గోడ పైకీ కిందికీ చూశారు. లోపలికొచ్చి దగ్గర్నుంచి చూడమన్నాను. "అక్కర్లేదు సార్, ఇక్కణ్ణించే క్లియర్‌గా ఉంది. నార్మల్! మీకు కావాలంటే రాసిచ్చేస్తాను" అని కాగితం తీశారు. చూశారా, పగిలిన గోడని గడప దాటకుండా బాగుచేశారు! సిమెంటు లేదు, ఇసుక లేదు, కూలీ లేడు. కలంతో అతికేసే విద్య.

ఆయన రాస్తుండగా పాప ఆయన చెయ్యి కిందనుంచి దూరి లోపలికి పరిగెత్తింది. ఎగిరి అత్తగారి మంచమెక్కింది. గోడ సందులోకి తొంగిచూసి, "నాన్నా! ఇందులో టీవీ వస్తోంది!" అని వేలు దూర్చింది.

"బుజ్జీ! దిగు! గోడ ముట్టుకోకు! మీద పడుతుంది!"

అరిచింది ఇంజినీరు గారే. కాగితం ఎటో, కలం ఎటో. ఇంతసేపూ గడప దాటని మనిషి ఒక్క గెంతులో మంచం దగ్గరికెళ్ళి, పిల్లని చంకనేసుకుని, వీధి తలుపు దాకా వెళ్ళిపోయారు. అక్కడ ఆగి, తన నెత్తి మీద హెల్మెట్ తీసి పాపకి పెట్టారు.

గోడ అవతల టీవీ కట్టేశారు.

"మీద పడుతుందా నాయనా?" అని అత్తగారే అడిగారు. కోపంగా ఏం కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగారు.

"అంటే... అదీ... చిన్నపిల్ల కదండీ..."

"నేనూ ఒకరి కూతుర్నే కదా బాబూ. మా నాన్న ఉండుంటే నన్నూ అలాగే ఎత్తుకుపోయేవాడు."

ఆయన పాపని దించకుండానే జేబులోంచి ఫోన్ తీసి కంపెనీకి చేశారు. ఫ్లాటు నంబరు చెప్పారు, మనుషుల్ని ఇవాళే పంపమన్నారు. ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా అని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు.

ఆయన అత్తగారి వైపు చూసి, "ఉంటున్నారు" అన్నారు. మేము ఆ ఇంట్లో ఉంటున్నామని కంపెనీ ఒప్పుకోవడం అదే మొదటిసారి.