నల్లగుట్టపల్లె, ఇంటి నంబరు పద్నాలుగు

నంద్యాల జిల్లాలో వైరస్ దగ్గులు, వైరస్ జ్వరాలు ఇకమీదట ఉండవనీ, ఎక్కడైనా కనిపిస్తే అవి పక్క జిల్లావనీ చైర్మన్ చెన్నకేశవులు గారు నంద్యాలలో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. ప్రకటన నడుస్తుండగానే విలేకరులు నలుగురు దగ్గారు. ఆయన చిరునవ్వుతో ఆగి, వాళ్లు ఏ ఊరివాళ్లో కనుక్కోమని పీఏకు చెప్పి, మళ్లీ అందుకున్నారు.

చెన్నకేశవులు గారు జిల్లా శ్వాసకోశ వైరస్ నిర్మూలన మండలికి చైర్మన్. పోయిన ఎన్నికల్లో ఆయన నాన్‌లోకల్ అని ప్రత్యర్థులు అరిచి టికెట్ ఆపించారు. ఆయన అలిగి మూడు రోజులు ఫోన్ ఆపేస్తే, పార్టీ భయపడి ఆయన కోసమే ఈ మండలిని పుట్టించింది. అప్పటికి మండలి ఉంది కానీ నిర్మూలించడానికి వైరస్ లేదు. ఆయన అదృష్టం పండి ఈ చలికాలం అది కూడా వచ్చింది. దాన్ని పదిహేను రోజుల్లో సున్నాకు తెచ్చి, ఆళ్లగడ్డలో ‘సున్నా సభ’ జరిపి, రాజధాని నుంచి వచ్చే పార్టీ పరిశీలకుడి నోట ఎమ్మెల్సీ మాట అనిపించుకోవాలని ఆయన సంకల్పించారు. ఇంతటి కార్యానికి ఒక చిన్న చేయి కావలసి వచ్చింది. ఆ చేయి జకరయ్యది.

జకరయ్య ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. మండలి వైరస్ పరీక్షలన్నీ అక్కడే జరుగుతాయి. పదకొండేళ్లుగా కాంట్రాక్టు. ప్రతి మార్చి నెలాఖరుకు అతని ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ రెండో వారంలో తిరిగి వస్తుంది. మధ్యలో ఆ పది రోజులూ అతను ఎవరూ కాడు, అయినా డ్యూటీకి వెళ్తాడు. కొడుక్కి పర్మినెంట్ ఆర్డరు రావాలని తల్లి దానమ్మ పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీ ఇస్తోంది. ఈ మధ్య పాస్టరు గారు ఆ చీటీ విప్పకుండానే చదివేస్తున్నారు.

చైర్మన్ గారు జకరయ్యను ఇంటికి పిలిపించుకుని, వైరస్ అంటే ఏందో తనకు అర్థమయ్యేటట్టు చెప్పమన్నారు. ఇంతవరకు అతన్ని ఎవరూ ఏదీ చెప్పమని అడగలేదు కాబట్టి జకరయ్య ఒళ్లు మరిచి చెప్పాడు. మనిషి దగ్గినా, మాట్లాడినా, పాట పాడినా నోట్లోంచి కంటికి కనపడని తుంపర్లు వస్తాయన్నాడు. తలుపులు మూసిన గదిలో అవి చాలాసేపు గాలిలోనే తేలుతుంటాయన్నాడు. జ్వరం పైకి తెలియకముందే మనిషి పదిమందికి అంటించగలడన్నాడు. ఒకసారి వచ్చిపోయిన వైరస్‌ను ఒళ్లు గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి అది పైకోటు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుందన్నాడు.

చైర్మన్ గారు ఇప్పటికి మూడు పార్టీలు చూసినవారు. మెడలో కండువా సర్దుకున్నారు.

“కోటు మారిస్తే ఒళ్లు గుర్తు పట్టదా?”

“సగం సగం పడతాది సార్. అది పూర్తిగా పట్టేలోపల దీని పని అయిపోతాది.”

“తెలివైందే,” అన్నారు చైర్మన్ గారు, సొంత మేనల్లుడి ర్యాంకు విన్నంత సంతోషంగా.

ఆ ఊపులో జకరయ్య ఇంకొక మాట కూడా చెప్పాడు. మనిషిని వెంటనే మంచాన పడేసే వైరస్ పెద్దగా పాకదు, లేచి తిరగనిచ్చేదే ఊరంతా పాకుతుంది. చైర్మన్ గారు ఈ మాటను పీఏ చేత రాయించుకున్నారు.

తర్వాత అసలు సంగతికి వచ్చారు. వైరస్‌ను తగ్గించడం డాక్టర్ల పని, జరపడం నాయకుల పని అన్నారు. పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషినీ పక్క జిల్లా వాడిగా రాస్తే మన జిల్లాలో మిగిలేది సున్నా. దానికి ఊరు కూడా చూసి పెట్టారు. చాగలమర్రి దాటి, జిల్లా హద్దు దాటి కొంచెం లోపలికి పోతే నల్లగుట్టపల్లె. అరవై మూడు ఇళ్లు. ఆ ఊర్లో తనకు ఒక్క ఓటు కూడా లేదని, అందుకే దాన్ని ఎంచుకున్నానని ఆయన దాచకుండా చెప్పారు.

“నాన్‌లోకల్ అని నా అంతటోన్నే ఆపినారప్పా. ముక్కులో ఉండే పురుగును ఆపలేరా?” అన్నారు. “నువ్వు సున్నా చేసి చూపించు. సభలో నీ పర్మినెంట్ ఆర్డరు నా చేత్తో ఇస్తా. లోకల్ కోటాలో.”

జకరయ్య ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని, పదిహేను రోజులనూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఎవరో తేదీ చెప్పి మరీ ఆర్డరు ఇస్తానన్నారు.

మర్నాటి నుంచి పని మొదలైంది. కిట్‌ను ట్యాబ్ ముందు పెడితే అదే ఫోటో తీసుకుని పాజిటివో కాదో చెప్తుంది. ఆపైన స్థానికుడా, పక్క జిల్లానా అని అడుగుతుంది. మనిషి పక్క జిల్లా అయితే ఊరు, ఇంటి నంబరు నింపాలి. మొదటి రోజు ఒక రైతు ఎదురు తిరిగాడు. తాను పుట్టింది ఆళ్లగడ్డ, పెండ్లి చేసుకుంది ఆళ్లగడ్డ, దగ్గు పట్టుకుంది ఆళ్లగడ్డ సంతలో, ఆ నల్లగుట్టపల్లె ఏ దిక్కున ఉందో కూడా తెలియదన్నాడు. పోవాల్సిన పని లేదనీ, రాత వరకేననీ జకరయ్య సర్దిచెప్పి, ఇంటి నంబరు మూడు అని రాశాడు.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన హేమలత మాత్రం అలవాటు కొద్దీ రెండుసార్లు ‘స్థానికుడు’ బటన్ నొక్కేసింది. ఆ రోజు కొత్త కేసుల లెక్క సున్నా నుంచి రెండుకు ఎక్కింది. అది సరిచేయించేసరికి జకరయ్యకు చెమటలు పట్టాయి. ఇక ఎవరి చేయీ జారకూడదని అతనే కంప్యూటర్ వాళ్లకు ఫోన్ చేసి, పాజిటివ్ వచ్చినప్పుడు ఆ బటనే కనపడకుండా తీసేయమన్నాడు. వాళ్లు తీసేశారు. ఇంత దూరం తనకు కూడా తోచలేదని చైర్మన్ గారు మీటింగులో అతన్ని నిలబెట్టి పొగిడారు.

తొమ్మిదో రోజు దానమ్మ దగ్గుతూ వచ్చింది. జకరయ్య కిట్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. కొన్నాళ్లు ఆమె ఊరు నల్లగుట్టపల్లె అని చెప్పాడు.

“ఆడ మనోళ్లు ఎవురుండారు నాయనా?”

“ఎవురూ లేరుమా. రాత వరకే.”

“నీ ఆర్డరు కోసమా?”

అతను తల ఊపాడు. “అట్లయితే రాసుకో,” అందామె. ఇంటి నంబరు పద్నాలుగు. జకరయ్యకు కన్నతల్లిని ఊరు దాటించినట్టే అనిపించింది. మూడు రోజుల తర్వాత ఆమె మందులకు వస్తే, ఆమె మందులు ఆమె జిల్లాకు పంపేశామని కౌంటర్లో చెప్పారు. జకరయ్య బయట మెడికల్ షాపులో కొనిచ్చాడు.

ఈలోగా కంప్యూటర్లో నల్లగుట్టపల్లె అగ్గి మీద ఉంది. అరవై మూడు ఇళ్లకు ఎనిమిది వందల నలభై మంది రోగులు. పక్క జిల్లా అధికారులు హడలిపోయి మూడు అంబులెన్సులతో పరుగెత్తుకొచ్చారు. ఊళ్లో అరుగు మీద పేకాడుతున్న నలుగురు, కాలు బెణికిన ఒక ముసలాయన దొరికారు. ఆ అధికారులు మాత్రం తక్కువ తిన్నారా, వెనక్కి పోయి తమ రోగులందరినీ ఆళ్లగడ్డ వాళ్లుగా రాయడం మొదలుపెట్టారు. దాంతో హైవే మీద హద్దుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి చెక్‌పోస్టులు లేచాయి. చలికి అద్దాలన్నీ బిగించిన బస్సులు గంటలకొద్దీ నిలబడ్డాయి. లోపల జనం ఒకరి గాలి ఒకరు పీలుస్తూ ఆధార్ కార్డులు పట్టుకుని కూర్చున్నారు. ఏ ఊరని వైరస్‌ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఏమైతేనేం, పదిహేనో రోజుకు జిల్లా లెక్క సున్నాకు చేరింది.

సభ రోజు ఉదయం పీఏ ఫోన్ చేసి జకరయ్యను గెస్ట్‌హౌసుకు రమ్మన్నాడు. చైర్మన్ గారికి గొంతు పట్టేసింది, ఒళ్లు కాలుతోంది. జకరయ్య ముక్కులో పుల్ల పెట్టి తీసి, కిట్‌లో వేసి చూశాడు. రెండు గీతలు.

అతను భయపడుతూనే చెప్పాడు. హాల్లో రెండు వేల మంది ఉంటారని, ఏసీ కోసం తలుపులు మూస్తారని, ఈ ఒక్క రోజు సార్ మైకు ముట్టుకోకుంటే మంచిదని అన్నాడు.

“నేను నడస్తాండానా లేదా?” అడిగారు చైర్మన్ గారు.

“నడస్తాండారు సార్.”

“తిరగనిచ్చేదే గొప్ప వైరస్సని నువ్వే గదా చెప్తివి. అది తిరగమంటాంటే నువ్వు కూర్చోమంటావేందప్పా?”

ఆపైన ఆయన ట్యాబ్ వైపు చేయి చూపించారు. జనానికొక రూలు, తనకొక రూలు ఉండకూడదన్నారు. తనను కూడా నల్లగుట్టపల్లె వాడిగానే రాయమన్నారు. ఇంటి నంబరు మాత్రం ఒకటి కావాలన్నారు. ఈ త్యాగం చూసి పీఏ కళ్లు తుడుచుకున్నాడు. జకరయ్య ఇంకొక్క మాట అనేవాడేమో. కానీ బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో అతని పేరున్న ఆర్డరు కనపడుతోంది. అతను బటన్ నొక్కాడు.

ఆళ్లగడ్డ ఫంక్షన్ హాల్లో సభ ఘనంగా జరిగింది. చైర్మన్ గారికి సన్మానం చేయాలని రెండు వందల మంది అభిమానులు వరుస కట్టారు. శాలువాలు మాత్రం మూడే. ముందు వాళ్లు కప్పిన శాలువాను పీఏ వెనక నుంచి లాగి వరుస చివరికి పంపుతుంటే, అది మళ్లీ తిరిగి ముందుకొస్తోంది. ప్రతి వక్తా మైకును పెదాలకు ఆనించి రెండుసార్లు ఊది చూసుకున్నాడు. సున్నా ఆకారంలో కేకు తెచ్చారు. దాని మీది కొవ్వొత్తి ఆర్పిన కొద్దీ మళ్లీ వెలిగే రకం. చైర్మన్ గారు పట్టు వదలకుండా ఆరుసార్లు ఊదారు. మొదటి ముక్క పరిశీలకుడి నోట్లో పెట్టి, ఆయన కొరికిన మిగతా సగం తాను తిని, అదే చేత్తో వేదిక మీదున్న నలభై మందికీ తినిపించారు.

జకరయ్య పేరు పిలిచారు. ఆర్డరు చేతికొచ్చింది. చెమటకు తడిసిన శాలువా భుజాల మీద పడింది. కేకు ముక్క నోటి దాకా వచ్చింది. అందులో ఏముందో చైర్మన్ గారు, పీఏ కాక ఆ రెండు వేల మందిలో అతనొక్కడికే తెలుసు. పెదాలు బిగించుకున్నాడు.

“నోరు తెరువన్నా, ఫోటో రావల్ల,” అన్నాడు ఫోటోగ్రాఫరు.

నాలుగో వరుసలో దానమ్మ చప్పట్లు కొడుతోంది. జకరయ్య నోరు తెరిచాడు.

వారం తిరక్కుండా నల్లగుట్టపల్లె జనాభా ఆరు వేలు దాటింది. పరిశీలకుడు తన వంతు దగ్గును రాజధానికి చేర్చాడు. చైర్మన్ గారి ఎమ్మెల్సీ ఫైలు మాత్రం వెనక్కి వచ్చింది. రికార్డుల ప్రకారం సదరు వ్యక్తి ఈ జిల్లా నివాసి కాదని దాని మీద రాశారు. ఆయన ఒక సాయంత్రమంతా ఫోన్ ఆపేశారు. మర్నాడు ఆయన కొత్త రంగు కండువాతో నల్లగుట్టపల్లె అరుగు మీద ప్రెస్ మీట్ పెట్టారు. తాను ఈ మట్టి బిడ్డననీ, ఒకటో నంబరు ఇల్లు తనదేననీ, ఇక్కడి ఆరు వేల మంది తన సొంత మనుషులనీ చెప్పారు. పేకాడేవాళ్లు ముక్కలు కింద పెట్టి విన్నారు.

జకరయ్య ఆర్డరులో చివరి పేరా చిన్న అక్షరాల్లో ఉంది. ఏడు రోజుల్లో వైరస్ పరీక్ష చేయించుకుని ఫిట్‌నెస్‌తో చేరాలి. అభ్యర్థి జిల్లాలో స్థానికుడై ఉండాలి. జకరయ్య ఐదు రోజులు జ్వరంతో పడుకుని, ఏడో రోజు ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబ్‌కు వచ్చాడు. తోడుగా దానమ్మ వచ్చి బెంచీ మీద కూర్చుంది.

హేమలత పుల్ల తీసి, కిట్‌లో వేసి, ట్యాబ్ ముందు పెట్టింది. ట్యాబ్ ఫోటో తీసుకుని పాజిటివ్ అని చూపించింది. ఆమె చాలాసేపు తెర మీద అటూ ఇటూ వెతికింది.

“ఆ బటన్ లేదన్నా,” అంది.

“తెలుసు.”

“ఇంకో రోజు ఆగి చూద్దామా?”

“ఇయ్యాలే ఆఖరు దినం హేమా.”

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరి పేరు తానే నింపింది. తర్వాతి గడి దగ్గర వేలు ఆపేసింది.

“ఇంటి నంబరు అడుగుతాందన్నా.”

జకరయ్య బెంచీ వైపు చూశాడు. దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆర్డరు కవరు ఆమె ఒళ్లో ఉంది, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుంది.

“మా యమ్మది పద్నాలుగు,” అన్నాడు జకరయ్య. “ఆడే రాయి.”

హేమలత రాసింది. ట్యాబ్ ఒక క్షణం ఆలోచించి, జిల్లాలో నేటి కేసులు సున్నా అని ఆకుపచ్చ అక్షరాలతో చూపించింది.