అచ్చొచ్చే ఇంగ్లీషు మాట

కోస్గి బజారులో గాజుల దుకాణం నడిపే బాబా మియా ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, అట్టపెట్టెకు తాడు కట్టాలి, పది గంటల పార్శిల్ బండికి అప్పగించి వచ్చి దుకాణంలో కాళ్ళు చాపుకోవాలి. పెట్టెలో ఉన్నవి ఆత్మకూరు లీలమ్మ బిడ్డ ప్రణీత పెళ్ళిగాజులు. భార్య హసీనా డజనుకో పాత గుడ్డ చుట్టి, సందుల్లో మరమరాలు పోసి సర్దింది. తెల్లవారితే గాజులు తొడిగే ముహూర్తం.

లీలమ్మ పెళ్ళికి గాజులు తొడిగింది బాబా మియా తండ్రి. ప్రణీత ఉయ్యాలలో ఉండగా నల్లగాజులు తొడిగింది బాబా మియా. ఆ ఇంట్లో ఇంకెవరి గాజులూ గలగలమనలేదని చెప్పుకోవడం తప్ప ఆయనకు వేరే గర్వాలు లేవు. అయితే పోయిన నెల నందికొండకు పంపిన పెట్టె ఒకటి అక్కడికి చేరేసరికి రంగురంగుల ఇసుకగా మారింది. ఆ కబురు ఎన్ని నోళ్ళు మారిందో గానీ లీలమ్మ చెవిన పడింది. "మియా, పెండ్లి గాజులు గట్లయితే శుభమా? గీసారి ఒక్కటి అటిటైనా ఇంక మా ఇంటికి ఆత్మకూరు దుకాణపోళ్ళే" అని ఫోన్లో తేల్చి చెప్పేసింది. అప్పటినుంచి మియాకు అన్నం సయించడం లేదు.

ఆ దుకాణానికి ఒక నియమం ఉంది. ఆ గడప లోపల 'పగలడం' అనే మాట ఎవరూ అనకూడదు. గాజు ముక్కలైతే 'నవ్వింది' అనాలి. తాతగారు పెట్టిన నియమం. ఒకసారి దొంగ ఎవడో కిటికీ అద్దం రాయితో కొట్టి లోపలికి దూరితే, పోలీసులకు కూడా బాబా మియా "కిటికీ నవ్వింది సార్" అనే చెప్పాడు. కానిస్టేబుల్ ఆయనవైపు చాలాసేపు చూసి, దొంగ సంగతి మరిచిపోయాడు.

కాబట్టి పెట్టె మీద తెలుగులో హెచ్చరిక రాసే ప్రసక్తే లేదు. డిగ్రీ చదువుతున్న కూతురు జేబా ఎర్ర స్కెచ్‌పెన్ను తీసి, ఇంగ్లీషులో 'ఫ్రాజైల్' అని రాయబోయింది.

"ఆగు బిడ్డా! నందికొండ పెట్టె మీద ఏం రాసినవ్?" అన్నాడు బాబా మియా.

"గిదే, అబ్బా" అంది జేబా తండ్రితో.

"మరి? గా మాట మనకు అచ్చిరాలే. వేరేది రాయి."

"మాట అచ్చొచ్చుడేంది అబ్బా? దాని అర్థమేందంటే..."

"అర్థం నాకొద్దు. నంబరు అచ్చిరాకపోతే మోటరుసైకిలే అమ్ముకుంటున్నరు జనం. నేను ఒక్క మాట మార్చుకుంటే తప్పా?"

జేబా తల గోక్కుంటూ ఉండగా అమరేందర్ సార్ వచ్చాడు. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. రోజూ దుకాణంలో అద్దాల అల్మారీకి వీపు ఆనించి కూర్చుని, మియా కొన్న పేపరు మియా కంటే ముందు చదవడం ఆయన దినచర్య. సంగతి విని, పేపరు మడిచాడు. ఆయన పేపరు మడిచాడంటే పాఠం మొదలైనట్టే.

"డెలికేట్ అని రాయాలె మియా. ఆడపిల్ల చేతికి పోయే వస్తువాయె. ఎంత నాజూకుగ ఉంటది!" అంటూ స్కెచ్‌పెన్ను లాక్కుని తానే రాశాడు. బాబా మియాకు ఆ మాట నచ్చింది. అంతటితో తాడు కట్టేసి ఉంటే ఈ కథే లేదు.

సరిగ్గా అప్పుడే, ఎముకల దవాఖానలో ఎక్స్‌రేలు తీసే డానియల్, తన భార్యకు గాజులు కొనడానికి వచ్చాడు.

"డెలికేటా? గది పూలకు, పట్టుచీరకు బాగుంటది సార్. గాజు వంగది, టప్పున పోతది. గసొంటిదాన్ని మా డాక్టరు బ్రిటిల్ అని రాస్తడు" అన్నాడు.

"డాక్టర్లు రాసేది ఇంగ్లీషే అని నీకెవలు చెప్పిన్రు?" అన్నాడు సార్.

డానియల్‌కు రోషం వచ్చింది. పెట్టెను పక్కకు తిప్పి, రెండో ముఖం మీద 'బ్రిటిల్' అని రాశాడు. పెట్టె గల్లుమంది. బాబా మియా గుండె అంతకంటే గట్టిగా గల్లుమంది.

"తేడా తెల్వాలంటే చూపియ్యాలె" అని సార్ చాయ్ పక్కనున్న బిస్కట్టు అందుకున్నాడు. పటుక్కున విరిచాడు. "గిది బ్రిటిల్." తర్వాత తట్టలోంచి ఒక ఆకుపచ్చ గాజు తీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "గిదేమో డెలికేట్. మెల్లగ ఒత్తితే..."

టిక్కుమంది.

"నవ్వింది" అన్నాడు బాబా మియా పళ్ళ బిగువున.

"సూసిన్రా, బ్రిటిలే!" అంటూ డానియల్ ఖాయం చేసుకోవడానికి ఇంకోటి ఒత్తాడు. అదీ నవ్వింది.

గొడవ తీర్చాలని జేబా మూడో ముఖం తిప్పి 'ఫ్రెయిల్' అని రాసింది. పెట్టె మళ్ళీ గల్లుమంది. "తప్పమ్మా! గది సత్తువ లేని ముసలోళ్ళకు వాడే మాట" అన్నాడు సార్.

బేరానికి వచ్చి అప్పటిదాకా వింతగా చూస్తున్న జంగమ్మ నోరు విప్పింది. "అయితే గది సార్ నొసటి మీద రాయుండ్రి. పెట్టె మీదనేమో లోపల బాంబున్నదని రాయుండ్రి. ఎవడైనా సరే, బిడ్డను దించినట్టు దించుతడు."

ఈ సలహా మీద కూడా కాసేపు చర్చ జరిగింది. తీరా బాబా మియా గోడ గడియారం వైపు చూసేసరికి, పది గంటల బండి పొలిమేర దాటి చాలాసేపయింది.

"నేనే తీస్కపోత" అన్నాడు ఆయన. పెట్టెను చంకన పెట్టుకుని గడప దాటబోతూ వెనక్కి తిరిగాడు. పెద్దమనుషులను లేచి పొమ్మనే అలవాటు ఆ వంశంలో లేదు. "సార్లకు ఇంకో చాయ్ చెప్పు బిడ్డా. సార్, నేనొచ్చేలోపు ఏదో ఒక మాట ఖరారు చెయ్యుండ్రి. వచ్చే పెట్టెకు పనికొస్తది."

తాను వేసిన తప్పటడుగు ఇదేనని అప్పుడాయనకు తెలియదు.

బస్సులో పెట్టె ఆయన ఒళ్ళోనే ఉంది. మహబూబ్‌నగర్‌లో బస్సు మారినా ఒడి దిగలేదు. పక్కసీటు పెద్దాయన పెట్టెను ఎగాదిగా చూసి, పక్కనున్న కుర్రాడితో అక్షరాలు చదివించుకుని, "గీ డెలికేట్ ఏ మండలంల ఉన్నది?" అని అడిగాడు. "ఆత్మకూరు అవతల" అన్నాడు బాబా మియా. గుంత వచ్చిన ప్రతిసారీ ఆయన పెట్టెను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. ముసలి నడుముకు తగలాల్సిన దెబ్బలన్నీ తగిలాయి. పెట్టెకు ఒక్కటీ తగల్లేదు.

ఆత్మకూరులో పందిరి కింద చుట్టాలందరి ముందూ లీలమ్మ పెట్టె విప్పించింది. బాబా మియా కళ్ళు మూసుకున్నాడు. మరమరాలు రాలిన చప్పుడు వినబడింది. గుడ్డలు విప్పిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"మియా, కండ్లు తెరువు. ఒక్కటి గూడ అటిటు కాలే!" అంది లీలమ్మ.

ప్రణీత ఎర్రగాజులు రెండు తీసి చేతికి ఆనించుకుని, "మీరే తొడగాలె చాచా, రేపటిదాంక ఉండుండ్రి" అంది. ఈసారి మియాకు నిజంగానే ఏడుపొచ్చింది, కానీ సంతోషంతో. మూడు తరాల పేరు నిలబడింది. లీలమ్మ పెట్టెను అటూ ఇటూ తిప్పి, "ఇన్ని రాసినవ్, వీట్ల ఏ మాట పనిచేసింది?" అని అడిగింది.

ఆయన జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. జేబా. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల, దుకాణం సంగతులు మాత్రం తెలుగులోనే చెబుతుంది.

"అబ్బా, సార్లు ఖరారు చేసిన్రు."

"శభాష్! ఏమన్నరు?"

"రెండు మాటలు ఒకటేనంట."

"ఎట్ల తేల్చిన్రు?"

"ఒక్క గాజుతోని తేలదని, అల్మారీల పైవరస మొత్తం దించబోయిన్రు. సార్ గిటు గుంజిండు, డానియలన్న గటు గుంజిండు..."

బాబా మియా మెల్లగా పందిరి గుంజ పట్టుకున్నాడు. "అల్మారీ... నవ్విందా బిడ్డా?"



"పొట్ట చెక్కలయ్యేటట్టు, అబ్బా."

ఆ పూట ఆ దుకాణంలో చెక్కుచెదరకుండా మిగిలింది తాతగారి నియమం ఒక్కటే.