జవాబును మాగబెట్టే కళ

వ్యాపారం పెట్టాలంటే పెట్టుబడి కావాలని ఎవరన్నారండీ? అన్నవాణ్ణి ఒక్కసారి మా ఆఫీసుకు పంపండి. కుర్చీ వేసి, టీ ఇచ్చి మరీ చెబుతాను. కుర్చీ మా అన్నయ్యది, టీ మా వదినది. ఊరికే వచ్చినదానితో నడిచే వ్యాపారమంత పవిత్రమైనది ఈ లోకంలో ఇంకోటి లేదు!

నాది డేటాబేస్ వ్యాపారం. కంగారుపడకండి, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వివరాలన్నీ పద్ధతిగా సర్దిపెట్టి, అడగ్గానే తీసిచ్చే సాఫ్ట్‌వేర్ పేరు డేటాబేస్. లక్ష అరలున్న బీరువా అనుకోండి. ఏ పుస్తకం ఎవరు పట్టుకెళ్ళారు, ఎవరి కాలికి ఏ సైజు బూటు, ఎవరు డ్రైవింగ్ పరీక్ష ఎన్నిసార్లు తప్పారు, అన్నీ అందులోనే ఉంటాయి.

ఈ బీరువాలు అమ్మే పెద్ద కంపెనీలున్నాయి. వాళ్ళు చెప్పే ధర వింటే కళ్ళు తిరుగుతాయి. అయితే కొందరు పుణ్యాత్ములు కలిసి అలాంటి బీరువానే తయారుచేసి, తాళంచెవితో సహా వీధిలో పెట్టేశారు. ఎవరైనా పట్టుకుపోవచ్చు. ఎలా చేశారో విప్పి చూసుకోవచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. షరతల్లా ఒక్కటే, చేసినవాళ్ళ పేర్లు చెరపకూడదు. అదీ ఒక షరతేనా? ఆ పేర్లున్న ఫైలు తెరిచి చూసే తీరిక ఎవడికుంది!

ఊరికే దొరికేదాన్ని నువ్వేం అమ్ముతున్నావయ్యా అంటారా? నేను ధైర్యం అమ్ముతున్నాను. బీరువా ఊరికే దొరుకుతుంది సరే, పట్టపగలు జనం ముందు దాని తలుపు బిగుసుకుపోతే ఎవర్ని పిలుస్తారు? నన్ను పిలుస్తారు. ఏడాదికింత అని పుచ్చుకుని నేను ఫోన్ ఎత్తుతాను. దీన్ని సపోర్ట్ అంటారు.

తలుపు తెరవడం నాకు వచ్చా? రాదు. మా ఆఫీసులో ఒక ఇంజనీరు ఉన్నాడు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలా గంభీరంగా ఉంటాడు. అతనికీ రాదు. అయినా మూడేళ్ళపాటు ఒక్క తలుపూ మా చేతిలో తెరుచుకోకుండా ఉండలేదు. ఇదే కమ్యూనిటీ మహిమ!

కమ్యూనిటీ అంటే ఇంటర్నెట్‌లో ఒక ఫోరం. ఈ బీరువాను వాడేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ అక్కడ చేరతారు. కష్టంలో ఉన్నవాడు ప్రశ్న వేస్తాడు, తెలిసినవాడు జవాబు చెబుతాడు. డబ్బు తీసుకోరు. ఎందుకు చెబుతారో నాకు బోధపడేది కాదు. బోధపడకపోయినా వాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు కాబట్టి ఆలోచించడం మానేశాను.

ఆ పుణ్యాత్ముల్లో మహానుభావుడు పాతచీపురు. ఫోరంలో ఎవరూ అసలు పేర్లు పెట్టుకోరు, ఈయన ఆ పేరు పెట్టుకుని, ఫోటో ఉండాల్సిన చోట ఒక చీపురు బొమ్మ తగిలించాడు. జవాబు ఎప్పుడూ నాలుగే వాక్యాలు. మొదటి వాక్యం మారదు: "ముందు కాపీ తీసి పెట్టుకోండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి." నా మనసులో ఆయన రూపం స్థిరపడిపోయింది. డెబ్బై ఏళ్ళుంటాయి. తెల్లటి గడ్డం. పిల్లలు స్థిరపడ్డారు, పెన్షన్ వస్తోంది, పొద్దుపోక మాకు సేవ చేస్తున్నాడు. ఎంత అదృష్టవంతుడో చూడండి!

ఇక మా పనితీరు చెబుతాను, నేర్చుకోండి. కస్టమర్ మొర పెట్టుకోగానే మా ఇంజనీరు ఫోరంలోకి వెళ్ళి "మా స్నేహితుడికి ఒక చిక్కు వచ్చింది" అని రాస్తాడు. కస్టమర్ పేరు పొక్కనివ్వడు. పాతచీపురు సరిగ్గా భోజనాల వేళకు జవాబు పెడతాడు. ఏ తెలివితక్కువవాడో అయితే ఆ జవాబును వెంటనే కస్టమర్‌కు పంపించేస్తాడు.

మేం పంపం. మాగబెడతాం.

పండు కోసిన రోజునే తింటామా? జవాబు కూడా అంతే. పాడైన స్కూటర్‌ను మెకానిక్ అయిదు నిమిషాల్లో బాగుచేసి ఇచ్చేస్తే మీకు డబ్బివ్వబుద్ధవుతుందా? అదే రెండు రోజులు ఉంచుకుని, చేతులకు నూనె పూసుకుని వచ్చి ఇస్తే కళ్ళకద్దుకుని ఇస్తారు. అందుకని మా జవాబులన్నీ రెండు రోజులు మాగుతాయి. ఆ రెండు రోజులూ కస్టమర్‌కు పూటకో ఉత్తరం వెళుతుంది, "మా నిపుణుల బృందం లోతుగా పరిశీలిస్తోంది" అని. మాగాక పాతచీపురు పేరు తీసేసి, కింద "నిపుణుల బృందం" అని పెట్టి పంపిస్తాం. సొమ్మొకరిది సోకొకరిది అని దెప్పేవాళ్ళుంటారు. ఉండనివ్వండి. సోకు చెయ్యడానికీ ఓపిక కావాలి.

మా ఆఫీసు గురించి చెప్పలేదు కదూ? మా అన్నయ్య ఇంటి ముందు గది. అద్దె లేదు. కరెంటు వాళ్ళది. ఇంటర్నెట్ బిల్లు వదిన కడుతుంది. పొద్దున్నే ఉద్యోగానికి వెళుతూ మాకోసం ఫ్లాస్కు నిండా టీ పోసి పెట్టి వెళుతుంది. ఆవిడ నగరంలోని పెద్ద లైబ్రరీలో ఏదో టైపు చేస్తుంది. ఆ లైబ్రరీ నాకు కస్టమర్ అయిందీ ఆవిడ చెప్పిన ఒక మంచిమాట వల్లే.

నాకున్న కస్టమర్లు నలుగురు. లైబ్రరీ, ఒక బూట్ల షాపు, ఒక డ్రైవింగ్ స్కూలు, ఒక డ్రైక్లీనింగ్ షాపు. చివరి ముగ్గురూ కలిసి ఇచ్చేది ఇంజనీరు జీతంలో సగానికి చాలదు. కంపెనీ బతుకంతా లైబ్రరీ మీదే. లైబ్రరీ మళ్ళీ సంతకం పెట్టకపోతే నేను వెళ్ళి మా మేనమామ టైల్స్ షాపులో కూర్చోవాలి. ఆయన నాకోసం ఒక స్టూలు కూడా తుడిచి పెట్టాడు. కనిపించినప్పుడల్లా ఆ స్టూలు క్షేమసమాచారాలు చెబుతుంటాడు.

ఆ సంతకం పెట్టాల్సిన వారంలోనే లైబ్రరీ బీరువా బిగుసుకుపోయింది.

సోమవారం పదకొండింటికి ఫోన్ వచ్చింది. ఒక పుస్తకం ఇచ్చినట్టు నమోదు చెయ్యడానికి పది నిమిషాలు పడుతోందట. కౌంటర్ దగ్గర క్యూ గుమ్మం దాటి మెట్లమీదికి వచ్చేసిందట. మా ఇంజనీరు హెడ్‌ఫోన్ సర్దుకుని, స్నేహితుడి చిక్కు ఫోరంలో పెట్టాడు. ఒంటిగంటా పదికి పాతచీపురు జవాబిచ్చాడు. డేటాబేస్‌లో తీసేసిన వివరాలు నిజంగా పోవట, అరల్లో చెత్తలా పేరుకుపోతాయట. రోజూ దానంతటదే ఊడ్చుకునే ఏర్పాటు ఒకటుంటుందట, దాన్ని ఎవరో ఆపేశారు, మళ్ళీ తిప్పండి, ఇవాళే తిప్పండి అని రాశాడు.

ఆపింది మా ఇంజనీరే. మూడు నెలల కిందట, స్పీడు పెరుగుతుందని.

ఇవాళే తిప్పండి అన్నాడు కదా అని తిప్పేస్తామా? సంతకం ముందు వచ్చిన చిక్కు! దీనికి రెండు రోజులు చాలవు, మూడు రోజులు మాగబెట్టాలని తీర్మానించాను. లైబ్రరీ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెయ్యి పెట్టుకుంటారన్న భయం లేదు. ఒప్పందం ఉన్నంతకాలం లోపలివాళ్ళెవరూ డేటాబేస్‌ను ముట్టుకోకూడదని మొదట్లోనే నేను ఒక వాక్యం రాసుకున్నాను. అది నేను నా సొంతంగా రాసిన ఒకే ఒక్క వాక్యం.

సోమవారం సాయంత్రం వదిన వచ్చి చెప్పులు విడవకుండానే సోఫాలో కూలబడింది. మంగళవారం పాదాలు వాచాయి. కౌంటర్ దగ్గర మనుషులు చాలక ఆవిణ్ణీ నిలబెట్టారట. పొద్దుట్నించీ చీటీలు చేత్తో రాస్తోందట. ఒక పెద్దాయన గంటసేపు నిలబడి నిలబడి, తెచ్చిన పుస్తకాన్ని ఆవిడ ముందు విసిరికొట్టి వెళ్ళాడట. నేను టీ తాగుతూ ఓదార్చాను.

"మా నిపుణుల బృందం లోతుగా పరిశీలిస్తోంది వదినా. కొంచెం ఓపిక పట్టు."

ఆవిడ నావంక అదోలా చూసింది.

"జవాబు ఇంకా దొరకలేదా?" అంది.

"ఇంకా లేదు" అన్నాను.

బుధవారం సాయంత్రం జవాబు దిగింది. గురువారం పొద్దున లైబ్రరీ గంటకు వందమందికి పుస్తకాలిచ్చేసింది. అదే రోజు మధ్యాహ్నం సంతకం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

డైరెక్టరుగారు ఒక పెద్దావిడ. కళ్ళజోడు సవరించుకుని మా ఉత్తరం చదివి, చాలా మెచ్చుకున్నారు. మీ బృందంలో ఇంత తెలిసినవారెవరని అడిగారు. అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది! ఊరుకోలేకపోయాను. మా దగ్గర ఒక పెద్దమనిషి ఉన్నారని మొదలుపెట్టాను. డెబ్బై ఏళ్ళ అనుభవజ్ఞుడన్నాను. డేటాబేస్ నాడి పట్టుకుని చూస్తే చాలు, రోగం చెప్పేస్తారన్నాను. తెల్లటి గడ్డం నిమురుకుంటూ ఆలోచిస్తారని కూడా చెప్పాను.

డైరెక్టరుగారు తలూపి, మా రికార్డుల ఆవిడ మిమ్మల్ని ఏదో అడగాలంటోందని గంట కొట్టారు. తలుపు అవతలే నిలబడి అంతా విన్నట్టుంది, మా వదిన వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. ఒకటి మా ఉత్తరం, రెండోది ఫోరంలోని పేజీ. రెండూ పక్కపక్కన బల్లమీద పరిచింది. నాలుగు వాక్యాలూ ఒకటే. ఒకదాని మీద సోమవారం ఒంటిగంటా పది, ఇంకోదాని మీద బుధవారం సాయంత్రం. ఒకదాని కింద పాతచీపురు, ఇంకోదాని కింద నిపుణుల బృందం.

"ఆయన చెప్పినదాంట్లో వయసూ గడ్డమూ అబద్ధమండీ" అంది డైరెక్టరుగారితో. "ఆ పాతచీపురును నేనే."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వదిన గొంతు పెంచలేదు. ఆరేళ్ళ కిందట లైబ్రరీలో ఈ డేటాబేస్ పెట్టినప్పుడు నేర్పే దిక్కు లేకపోతే, ముక్కూ మొహం తెలియని ఫోరం మనుషులు ఒక్కొక్క మెట్టూ చేయిపట్టి ఎక్కించారట. ఆ రుణం తీరేది కాదని, రోజూ భోజనం చేస్తూ ఇంకొకరికి చెబుతోందట. సోమవారం ఆ స్నేహితుడి చిక్కు చదవగానే అది తన చిక్కేనని తెలిసిపోయిందట.

"ముట్టుకోకూడదని ఒప్పందంలో ఉందన్నారు కాబట్టి ముట్టుకోలేదు" అంది. "నా జవాబు కోసం నేనే మూడు రోజులు నిలబడ్డానండీ."

డైరెక్టరుగారు వేలితో బల్లమీద దారి గీసి చూసుకున్నారు. ప్రశ్న ఈ మేడమీది రికార్డుల గదిలోంచి బయలుదేరి, ఆవిడ ఇంటి ముందు గదికి వెళ్ళి, అక్కణ్ణుంచి ప్రపంచమంతా తిరిగి, మళ్ళీ ఈ మేడమీది గదికే వచ్చి, జవాబై ముందు గదికి పోయి, మూడు రోజులు పడుకుని, ఇక్కడికి చేరిందన్నమాట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనన్నారు. కలం మూత పెట్టేశారు. డేటాబేస్ పని వదినకే అప్పగించారు, జీతమూ పెంచారు.

ఇంటికి ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నాకూ కలిపి టికెట్ తీసుకుంది. ఉండబట్టలేక, నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మూడేళ్ళు నా టీ తాగావు" అంది కిటికీలోంచి చూస్తూ. "ఆఫీసులో నువ్వేం చేస్తావు వదినా అని ఒక్కరోజైనా అడిగావా?"

నాకు సిగ్గేసింది. నాలాంటి గంభీరమైన వ్యాపారవేత్త ఇలాంటి మాట అచ్చులో రాయకూడదు గానీ, నిజంగానే సిగ్గేసింది.

అయినా మొదట చెప్పిన మాటకు కట్టుబడే ఉన్నాను. కమ్యూనిటీ అనేది వరం! కాకపోతే ఆ వరం ఒక్కోసారి పక్క గదిలోనే ఉంటుందని తెలుసుకోవాలి.

మొన్న లైబ్రరీకి సెలవు, వదిన ఇంట్లోనే ఉంది. ఆ పొద్దున బూట్ల షాపు బీరువా బిగుసుకుంది. సైజులన్నీ కలగాపులగమైపోయాయి. ఈసారి స్నేహితుడూ గీహితుడూ అనకుండా, షాపు పేరూ మా పేరూ రాసే ఫోరంలో ప్రశ్న పెట్టించాను. కాసేపటికి పక్క గదిలో కీబోర్డు టకటకలాడి ఆగిపోయింది. ఫోరంలో చూస్తే ఏమీ లేదు. సాయంత్రందాకా ఆగి తలుపు దగ్గరికి వెళ్ళాను. జవాబు దొరికిందా వదినా అని అడిగాను.

"మా నిపుణుల బృందం లోతుగా పరిశీలిస్తోంది మరిదిగారూ" అంది వదిన తల తిప్పకుండా. "కొంచెం ఓపిక పట్టు."

నిన్న ఆ షాపాయనకు ఫోన్ చేసి, ఇంకాస్త గడువు ఇమ్మని బతిమాలబోయాను. ఆయన ఆశ్చర్యపోయాడు. మొన్ననే బాగైపోయిందట. ఎవరో ఒకావిడ ఫోన్ చేసి, ముందు కాపీ తీయించి, ఆ తర్వాత ఏమేం చెయ్యాలో దగ్గరుండి చెప్పినట్టు చెప్పిందట. పేరు అడిగితే నవ్వి పెట్టేసిందట. వచ్చే ఏడాది సపోర్ట్ ఆవిడ దగ్గర దొరుకుతుందా అని ఆయన నన్నే అడిగాడు.

అంటే మాగుతున్నది నా ఒక్కడి జవాబే. ఇవాళ్టికి మూడో రోజు. పొద్దున మేనమామ ఫోన్ చేసి, స్టూలు మీద కొత్త దిండు వేయించానన్నాడు. చెయ్యడానికి వేరే పనేమీ లేక కూర్చుని ఈ వ్యాసం రాశాను. పేరు చెరపకూడదన్న షరతు కూడా ఇప్పుడు నాకు కంఠతా వచ్చింది కాబట్టి కింద రాస్తున్నాను.

ఈ వ్యాసానికి గది, కరెంటు, ఇంటర్నెట్, నాలుగు కప్పుల టీ ఇచ్చినవారు: పాతచీపురు.