లైట్ ఇంజన్‌కు ఎడిటర్ కావలెను

మానవ నాగరికత నిప్పు, చక్రం, సబ్‌కమిటీ అనే మూడు ఆవిష్కరణల మీద నిలబడి ఉంది. మొదటి రెండూ సబ్‌కమిటీ అనుమతి లేకుండానే జరిగిపోయాయి. అందుకే నిప్పు కాలుస్తోంది, చక్రం పంక్చరవుతోంది. మూడోదానిలో మాత్రం ఇంతవరకు ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు. కనబడితే పరిశీలించడానికి ఇంకో సబ్‌కమిటీ ఉంటుంది.

ఈ సత్యం నాకు పెళ్లయ్యాకే తెలిసింది. పెళ్లయ్యాక తెలిసిన సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. (ఉదాహరణకు, టీలో ముంచిన ఉస్మానియా బిస్కెట్ సరిగ్గా ఎప్పుడు విరిగి పడుతుందో మా ఆయన ఇవాన్‌కు ముందే తెలుస్తుంది. ఆ క్షణానికి ముందు దాన్ని తీసి నా నోటికి అందిస్తారు. ఇంత ప్రతిభ ఉన్న మనిషిని ఎవరూ ముందే ఎగరేసుకుపోకపోవడం నా అదృష్టం.) కానీ ఇక్కడ చెప్పవలసింది మౌలాలిలో మేం వెళ్లే చర్చి ఆఫీసు కంప్యూటర్ గురించి.

ఒక రోజు పొద్దున అది లేవలేదు. నల్ల తెర మీద చిన్న గీత ఒకటి వచ్చి, కాసేపు మెరిసి, ఊరుకుంది. చర్చి ఆస్తుల బాధ్యత మా మామగారు జకర్యాగారిది. ఆయన సికింద్రాబాద్‌లో రైలింజన్ నడిపి రిటైరైన మనిషి. వచ్చి చూశారు. నడవలేని వ్యాగన్‌కు రైల్వేలో ఏం చేస్తారో అదే చేశారు: తెర మీద ‘సిక్’ అని రాసిన చీటీ అంటించారు. చీటీ పడిన వ్యాగన్‌ను ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చేదాకా ఎవరూ కదపకూడదు. అతికించినవారు కూడా.

ఇక్కడే అసలు ఇబ్బంది వచ్చింది. అందరికంటే ఎక్కువగా ఆ కంప్యూటర్ కావలసింది అతికించినవారికే.

మామగారు మా అత్తగారు డోరాగారి కోసం ఒక పాట రాశారు. వచ్చే ఆదివారాల్లో ఒకనాడు వాళ్ల నలభయ్యో పెళ్లిరోజు కృతజ్ఞతా కూడిక ఉంది. ఆ రోజు ఆరాధన అయ్యాక, చర్చి తెర మీద మాటలు వస్తుండగా సంఘమంతటి ముందు నిలబడి పాడాలని ఆయన కోరిక. ఇంట్లో రాస్తే అత్తగారి కంట పడుతుందని చర్చి ఆఫీసులో కూర్చుని రెండు వేళ్లతో టైపు చేశారు. రెండో కాపీ తీయలేదు. రెండో కాపీ ఉన్న రహస్యాన్ని సర్క్యులర్ అంటారని ఆయన అభిప్రాయం.

రాగం సాధన మాత్రం ఇంట్లోనే జరిగేది, రోజూ స్నానాల గదిలో, కుళాయి బాగా తిప్పి. నీళ్ల చప్పుడులో పాట ఎవరికీ వినబడదని ఆయన నమ్మకం. (ఆ గది వెంటిలేటర్ కాలనీ మెయిన్ రోడ్డు మీదికి ఉంది. ఆయన నమ్మకాన్ని చెడగొట్టే హృదయం కాలనీలో ఎవరికీ లేదు.)

కంప్యూటర్ పడుకున్న సాయంత్రమే ఇవాన్ పరిష్కారం చెప్పారు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాంతో కంప్యూటర్‌ను లేపి, లోపలి ఫైలు తెరవొచ్చన్నారు.

“ఐదు నిమిషాల పని, డాడీ.”

“ఐదు నిమిషాల్లో అయ్యేదాన్ని యాక్సిడెంట్ అంటార్రా,” అన్నారు మామగారు.

ఆ విధంగా సబ్‌కమిటీ ఏర్పడింది. మొదట దాని పేరు ‘రక్షణ సబ్‌కమిటీ’. రక్షణ దేవుడిదే గాని సబ్‌కమిటీ చేతుల్లో ఉండే విషయం కాదని పాస్టరుగారు సున్నితంగా అభ్యంతరం చెప్పడంతో ‘రెస్క్యూ సబ్‌కమిటీ’ అయింది. అధ్యక్షులు మామగారు. సాంకేతిక సభ్యుడు ఇవాన్. యువజనుల తరఫున మా మరిది ఎరిక్. స్త్రీల సమాజం తరఫున అత్తగారు. కొత్త దంపతులను విడదీయడం వాక్యానుసారం కాదని నన్ను కూడా వేశారు. దేన్నయినా ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, ప్రార్థనతో ముగించాలి, సమోసా తినాలి. ఈ నాల్గింటిలో ఏది లేకపోయినా తీర్మానం చెల్లదు.

అత్తగారు కూడా సభ్యురాలే కాబట్టి పాట అనే మాట ఎక్కడా రాకూడదు. రికార్డుల్లో అది ‘సదరు ఫైలు’ అయింది. సదరు ఫైలు ఏమిటని అత్తగారు అడగలేదు. స్వెట్టర్ అల్లుకుంటూ, వచ్చిన ప్రతి తీర్మానాన్నీ బలపరిచారు.

పెన్‌డ్రైవ్ నేనిచ్చాను. మా పెళ్లి వీడియో ఇస్తూ స్టూడియోవాళ్లు హృదయాకారంలో ఉన్న ఎర్రటి పెన్‌డ్రైవ్ ఒకటి ఇచ్చారు. వీడియో పోకుండా దానిలోనే ఒక మూల లినక్స్ పెడతానని ఇవాన్ మాటిచ్చారు. మా కేకు కోత పక్కనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కాపురం పెడుతోందంటే నాకు ఎంతో ముచ్చటేసింది.

“ఇది లైట్‌వెయిట్ సిస్టమ్, డాడీ. అవసరమైనవి తప్ప ఏమీ ఉండవు,” అని ఇవాన్ వివరించగానే మామగారి ముఖం వెలిగింది. బోగీలు తగిలించకుండా ఒంటరిగా వెళ్లే ఇంజన్‌ను రైల్వేలో లైట్ ఇంజన్ అంటారు. ఎక్కడైనా బండి ఆగిపోతే దాన్ని లాక్కురావడానికి పంపేది దాన్నే. లినక్స్ అంటే ఏమిటో మామగారికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. మాకు కష్టాలు మొదలైంది కూడా అప్పుడే.

ఇక మిగిలింది సదరు ఫైలును తెరిచే ఎడిటర్. అంటే రాతలు చూపించి, దిద్దుకోనిచ్చే ప్రోగ్రాం. నల్ల తెర ఎడిటర్ల మీద సంఘంలో నిషేధం ఉంది. కిందటేడు ఎరిక్ అలాంటిదొకటి తెరిచి, బయటికి వచ్చే దారి దొరక్క, చివరికి మెయిన్ స్విచ్ ఆపి బయటపడ్డాడు. ఆ మెయిన్ స్విచ్ మీదే చర్చి ఫ్యాన్లు కూడా ఉన్నాయి. అది మే నెల. అందుచేత మొదటి నియమం ఇలా వచ్చింది: ‘ఎడిటర్‌కు కిటికీ, అనగా విండో, ఉండవలెను. కిటికీ మూసే గుర్తు వృద్ధుల కంటికి సైతం కనబడవలెను.’

ముగ్గురు అభ్యర్థులు వచ్చారు. పాస్టర్ల ఎంపికలాగే ఒక్కొక్కరికి ఒక్కో మీటింగు, చర్చి కంప్యూటర్ మీద చీటీ ఉంది కాబట్టి ఇవాన్ ల్యాప్‌టాప్ మీద.

మొదట జీనీ. పక్కన వరుస సంఖ్యలు, రంగురంగుల మాటలు, చుట్టూ పట్టీలు. బైబిల్లోలాగే వచనాలకు అంకెలున్నాయని అత్తగారు మెచ్చుకున్నారు. ఇంజన్ క్యాబిన్‌లో ఇన్ని మీటర్లుంటే డ్రైవరు సిగ్నల్ ఎప్పుడు చూస్తాడని మామగారు అడిగారు. జీనీని అక్కడితో పంపించేశారు.

తర్వాత మౌస్‌ప్యాడ్. పేరు వినగానే అత్తగారు అది మనకు ఆల్రెడీ ఉందిగా అని బల్ల మీద చూపించారు. ఆ గందరగోళం తీరాక ఇవాన్ దాన్ని తెరిచి, ఒకే కిటికీలో రెండు ఫైళ్లు పక్కపక్కనే పెట్టి చూపించారు. మామగారు కళ్లద్దాలు తీసేశారు.

“ఒకే సెక్షన్‌లో రెండు బండ్లా? గుద్దుకోవూ?”

అభ్యర్థి మంచివాడే, కానీ మన పట్టాలకు కాదు అని రాసుకున్నాం.

చివరికి లీఫ్‌ప్యాడ్. తెరిస్తే ఒక్క కిటికీ, ఒక్క తెల్ల కాగితం. ఏమీ అడగదు, ఏమీ చెప్పదు. పిలిస్తే వస్తుంది, పొమ్మంటే పోతుంది. ఇలాంటి అసిస్టెంట్ తన సర్వీసంతటిలో దొరకలేదని మామగారు అన్నారు. వెంటనే ట్రయల్ రన్ జరిపారు. పరీక్ష కోసం రైల్వే రూల్సులోంచి ఒక పేరా ఇంగ్లీషులో టైపు చేశారు. అక్షరం తేడా లేకుండా వచ్చింది. (ఆయన తెలుగులో ప్రార్థిస్తారు, తెలుగులో ప్రేమిస్తారు. పరీక్షలు మాత్రం ఇంగ్లీషులోనే పెడతారు.)

అప్పుడే ఇవాన్ సమోసాల కోసం కిందికి వెళ్లారు. ఆయన లేని ఆ కాస్త వ్యవధిలో, అజెండాలో మిగిలిన ఒకే ఒక అంశం పూర్తయింది: లైట్ ఇంజన్‌కు అనవసరపు బోగీలు విప్పుట. పెన్‌డ్రైవ్‌లో ఏమేం ఉన్నాయో ఎరిక్ చదువుతుంటే మామగారు తీర్పు చెబుతూ పోయారు. ఆటలు, తీసేయ్. క్యాలిక్యులేటర్, తీసేయ్. ఫాంట్లు?

“ఫాంట్లంటే ఏంట్రా?”

“అక్షరాల డిజైన్లు, డాడీ. తెలుగువి, తమిళంవి, ఏవేవో ఉన్నాయి.”

“డిజైన్లా? ఇది రెస్క్యూ బండిరా, పెళ్లి ఊరేగింపు కాదు.”

నాకు అభ్యంతరం లేదు. నేను ఆ సమయంలో కిటికీలోంచి, సమోసాల పొట్లంతో మెట్లెక్కి వస్తున్న ఇవాన్‌ను చూస్తున్నాను. అత్తగారు బలపరిచారు.

ఈ లోపల పెళ్లిరోజు దగ్గరికొచ్చింది. మామగారు పైకి చెప్పకపోయినా అన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టారు. రోజూ పాడేదే కదా, చూడకుండా పాడేయండి మామయ్యా అని అడుగుదామనుకున్నాను గాని, అడిగితే వెంటిలేటర్ రహస్యం బయటపడుతుంది. అందుకని పాటల గురించి మామూలుగా అడిగినట్టు అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“నోటిమాట మీద బండి కదలదమ్మా. కళ్లముందు రాతపూర్వకంగా ఉండాలి. నలుగురి ముందు నిలబడితే నాకు నా పేరే గుర్తుండదు.”

ఆ మర్నాడు మోండా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చి కాలనీలో బండి మీద అమ్మే బుచ్చమ్మ, సొరకాయ తూస్తూ ఏదో రాగం తీసింది. ఎక్కడో విన్నట్టుందన్నాను.

“ఏందమ్మా గట్లంటవ్? మీ మామ పాటే గదా. పొద్దుగాల గాయన పాడంగనే మా మనవరాలు సుత లేస్తది. నిన్న జెర లేటయింది, పిల్లకు స్కూల్ బస్ పోయింది.”

ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిసింది. ముందు వరుసలో అత్తగారు కొత్త చీర కట్టుకుని కూర్చున్నారు. మామగారు సూటు వేసుకుని వేదిక పక్కన నిలబడ్డారు. కంప్యూటర్ మీది ‘సిక్’ చీటీని మడిచి పైకెత్తి పెట్టడానికి మాత్రం తాత్కాలిక అనుమతి దొరికింది. నడిపేవారుగా ఇవాన్‌నీ నన్నూ నియమించారు. ఇంజన్‌లో ఒకరు సిగ్నల్ పేరు పైకి చెబితే, రెండోవారు దాన్ని తిరిగి చెప్పాలని రైల్వే నియమం. ఇక్కడా అదే. ఒకే స్టూలు మీద ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం.

“పెన్‌డ్రైవ్,” అన్నారు ఇవాన్.

“పెన్‌డ్రైవ్,” అన్నాను.

“ఎడిటర్.”

“ఎడిటర్.”

“ఫైల్ ఓపెన్.”

“ఫైల్ ఓపెన్,” అన్నాను. పెళ్లి ప్రమాణాలు కూడా నేను ఇంత స్పష్టంగా చెప్పలేదు.

నల్ల తెర మీద గీత మెరిసి ఊరుకున్న కంప్యూటర్ లేచింది. లీఫ్‌ప్యాడ్ తెల్లగా విచ్చుకుంది. సదరు ఫైలు తెరుచుకుంది. చర్చి తెర నిండా వరుసగా, చక్కగా, ఒకే కొలతలో డబ్బాలు. ఎడమ నుంచి కుడికి డబ్బాలు, దాని కింద ఇంకో వరుస డబ్బాలు. మాటకూ మాటకూ మధ్య ఖాళీలు మాత్రం ఎక్కడివక్కడ ఉన్నాయి. తెలుగు ఫాంటు లేని చోట తెలుగు అలాగే కనబడుతుంది.

మామగారు తెరవైపు చూస్తూ ఉండిపోయారు. జీవితమంతా గూడ్సు బండ్లు నడిపిన మనిషి. ఖాళీ డబ్బాల బండి ఆయనకు కొత్త కాదు, కానీ అందులో ఆయన పాట ఉంది. కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటుంటే, ఆ చప్పుడు స్పీకర్లలో వినబడింది. ఇవాన్ చేతిని నేను స్టూలు కింద గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు ముందు వరుసలోంచి అత్తగారు, లేవకుండానే, తల ఎత్తకుండానే అందుకున్నారు.

“రాత్రి బండి నేనెక్కితే ఇంటి దీపం ఆరలేదు...”

రెండో పాదానికి స్త్రీల సమాజం కలిసింది. మూడోదానికి రైల్వే కాలనీ మొత్తం కలిసింది. వెనకాల తలుపు దగ్గర, తోపుడుబండి బయట ఆపుకుని వచ్చిన బుచ్చమ్మ అందరికంటే గట్టిగా పాడింది. చరణం దగ్గర మామగారు తప్పిపోతే, ఎక్కడ ఎత్తుకోవాలో బడిపిల్లలు అందించారు. తెర మీద డబ్బాలు కదలకుండా వెలుగుతూనే ఉన్నాయి. పాట అయిపోయాక మామగారు మైకులో, నీళ్ల చప్పుడు ఉండేది కదా, అని మాత్రం అన్నారు.

“అందుకేనండీ రోజూ ట్యాంకు ఖాళీ అయ్యేది,” అన్నారు అత్తగారు.

సాయంత్రం వంటింట్లో కేకు ముక్కలు కోస్తూ, మొదటి రోజే చెప్పి ఉంటే ఇన్ని మీటింగులు తప్పేవి కదా అత్తయ్యా అన్నాను. ఆవిడ కత్తి ఆపి, నవ్వు దాచుకోలేక అటు తిరిగారు.

“నలభై ఏళ్లలో నాకోసం ఒక్క మీటింగు పెట్టలేదమ్మా మీ మామయ్య. జరగనీలే అనుకున్నా.”

రెస్క్యూ సబ్‌కమిటీ తుది నివేదిక మర్నాడు చర్చి నోటీసుబోర్డు మీదికెక్కింది. దాని ప్రకారం సదరు ఫైలు విజయవంతముగా వెలికితీయబడినది. అందుకు ఏకైక కారణం ఎడిటర్ ఎంపికలో సబ్‌కమిటీ చూపిన జాగ్రత్త. కాబట్టి ఇకమీదట సంఘంలోని అన్ని కంప్యూటర్లకూ ఇదే పద్ధతి వర్తించును. ప్రతిపాదించినవారు, శ్రీ జకర్యా. బలపరిచినవారు, శ్రీమతి డోరా.