ఆయిల్ పుల్లకు పట్టిన తుప్పు

ఆ శనివారం ఉదయం ఆర్మస్ కెట్యునెన్ చేయాల్సిన పని ఒక్కటే. చర్చి ఆడవాళ్ళు మూడిళ్ళ పొయ్యిల మీద కాల్చిన రెండువందల నలభై పాస్టీలు, అంటే మాంసం, బంగాళాదుంపలు కూరిన కజ్జికాయల్లాంటివి, దుప్పట్లు చుట్టిన పెట్టెల్లో అతని వంటింట్లో ఉన్నాయి. పదకొండున్నరకు వాటిని ట్రక్కులో ఎక్కించి, పన్నెండు కొట్టేలోగా వేడివేడిగా చర్చి హాలుకు చేర్చాలి. దూరం నాలుగు మైళ్ళు, దారిలో ఒకే ఒక్క మలుపు. ఇందులో భయపడాల్సింది ఏముందని ఎవరైనా అడగవచ్చు. ఆర్మస్‌ను ఎరిగినవాళ్ళు అడగరు. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని, అంటించిన స్టాంపు ఊడిపోతుందేమోనని మూడుసార్లు నొక్కి చూసిన మనిషి అతను.

పైగా ఆ ట్రక్కు అతనిది కాదు. భార్య ఎల్నాకు అన్న అయిన రూబెన్‌ది. రూబెన్ ఎవరికీ ఏదీ ఎరువివ్వడు. మంచు తోసే పార ఇచ్చినా, తిరిగి తీసుకునేటప్పుడు అంచు తడిమి చూసుకుంటాడు. అలాంటివాడు నిన్న సాయంత్రం తనంతట తానే ట్రక్కు తెచ్చి వాకిట్లో నిలిపి, "వాడుకో బావా, తొందరేం లేదు, వారమైనా ఉంచుకో," అనేసరికి ఆర్మస్‌కు సరిగ్గా అన్నం కూడా సయించలేదు.

తొమ్మిదింటికి కాఫీ తాగి వెళ్ళి, ట్రక్కు అరలో ఉన్న పుస్తకం తీసి చదివాడు. బరువు ఎక్కించే ముందు గేరుబాక్సు ఆయిల్ చూసుకోవాలని అందులో ఉంది. ఇంజను వేడెక్కాక, అది నడుస్తుండగానే ఆయిల్ కొలిచే ఇనప పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్ళీ లోపలికి పెట్టి, లాగి చూడాలట. ఆయిల్ ఎర్రగా ఉండాలట. ఆర్మస్ తన బతుకులో ఎన్నడూ ఆ పని చేయలేదు. కానీ పుస్తకంలో రాసి ఉన్నదాన్ని చేయకుండా వదిలేసే ధైర్యం అతనికి లేదు.

ఇంజను నడిపి బానెట్ ఎత్తాడు. మంచు కరగడానికి ఇరవై చలికాలాలు రోడ్ల మీద చల్లిన ఉప్పంతా ఆ బానెట్ కిందే కాపురం పెట్టినట్టుంది. పుల్ల తలకాయ తుప్పు పట్టి గారెలా పొక్కింది. పుల్ల దిగే గొట్టం మూతి చుట్టూ బురద గడ్డకట్టింది. ఆర్మస్ పుల్ల తలకున్న ఉంగరంలో వేలు దూర్చి లాగాడు. ఉంగరం చక్కగా చేతికొచ్చింది. పుల్ల రాలేదు.

ఇంజను ఆపి, కటింగ్ ప్లయర్ తెచ్చి, పుల్ల మెడ పట్టుకుని మెలితిప్పి ఎలాగో బయటికి లాగాడు. పై సగమంతా తుప్పు. ఇలా తిరిగిస్తే రూబెన్ ఊరుకుంటాడా? వంటింట్లోంచి గిన్నెలు తోమే ఇనప పీచు తెచ్చి, అక్కడే, గొట్టం మూతి మీద వంగి నిలబడి, పుల్లను తళతళలాడేదాకా రుద్దాడు. రుద్దడం పూర్తయ్యాక చూస్తే రెండు సంగతులు తెలిశాయి. ఆయిల్ ఎంతవరకు ఉండాలో చెప్పే గీతలు పుల్ల మీద లేవు. రాలిన తుప్పంతా గొట్టంలోకి పోయింది.

పుల్లను మళ్ళీ దించి, లాగాడు. అంటుకున్న ఆయిల్ గోధుమరంగులో ఉంది. వాసన చూస్తే మాడు కంపు. తాను రాల్చిన తుప్పే ఎర్రటి ఆయిల్‌ను క్షణంలో ఇలా చేసిందని ఆర్మస్ నమ్మాడు.

ఊళ్ళో ఇలాంటివి తెలిసినవాడు గిల్బర్ట్ ఒక్కడే. నలభై ఏళ్ళు గేరుబాక్సులు విప్పిన మెకానిక్. ఇప్పుడు చెవులు సరిగ్గా పనిచేయవు, అరిస్తేనే వినపడుతుంది. ఎల్నాకు వినపడకూడదని ఆర్మస్ నేలమాళిగలోకి దిగి, ఇంటిని వెచ్చగా ఉంచే వేడిగాలి పొయ్యి పక్కన నిలబడి ఫోన్ చేశాడు.

"ఏంటి? గట్టిగా చెప్పరా!" అన్నాడు గిల్బర్ట్.

"తుప్పు, గిల్బర్ట్! లోపలంతా తుప్పు!"

"లాగేముందు గొట్టం మూతి చుట్టూ బురద తుడిచావా?"

"తుడవలేదు! గోధుమరంగులో వస్తోంది! మాడు వాసన!"

"పుల్లని బండికి దూరంగా పట్టుకెళ్ళి, పీచు రాలని గుడ్డతో తుడవాల్రా. గొట్టం నెత్తిన నిలబడి గీకితే ఆ పొట్టు ఎక్కడికి పోద్ది?"

"లోపలికే పోయింది! ఇంక ఎంతకాలం? నిజం చెప్పు!"

"మాడు వాసనొచ్చిందంటే చెప్పలేం. ఏడాది లాగొచ్చు. ఇవాళ మధ్యాహ్నమే పోవచ్చు."

"ఈ మధ్యాహ్నమేనా?" ఆర్మస్ కేక పెట్టాడు. "ఎల్నాకి మాత్రం చెప్పకు! పాస్టీల పని అయ్యాక నేనే చెప్పుకుంటా!"

వేడిగాలి గొట్టాలు ఇల్లంతా పాకి ఉంటాయని, వాటిలో ఒకటి వంటింట్లో ఎల్నా కాళ్ళ దగ్గరే తెరుచుకుంటుందని అతనికి తట్టలేదు. గిల్బర్ట్ మాటలు ఆమెకు వినపడలేదు. మొగుడి మాట ఒక్కటీ పోలేదు.

పైకి వచ్చేసరికి ఎల్నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు ఆర్మస్.

"ఉల్లిపాయలు," అంది ఎల్నా. పొయ్యి మీద ఉల్లిపాయలేవీ లేవు. ఆమె దగ్గరికి వచ్చి అతని నుదుటి మీద ముద్దు పెట్టింది. పెళ్ళయ్యాక ఎల్నా పొద్దుటిపూట ఇలా ముద్దు పెట్టడం ఇదే మొదటిసారి. ఆమెకు ట్రక్కు సంగతి తెలిసిపోయిందేమోనని ఆర్మస్ గబగబా బయటికి పోయాడు.

అతను అటు వెళ్ళగానే ఎల్నా తన స్నేహితురాలు ఐలీన్‌కు ఫోన్ చేసి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని విషయం చెప్పింది. ఐలీన్ చర్చిలో ప్రార్థనల గొలుసు నడుపుతుంది. ఎవరికైనా కష్టమొస్తే వాళ్ళకోసం ప్రార్థించమని ఒకరు ఇద్దరికి ఫోన్ చేయాలి, ఆ ఇద్దరు నలుగురికి. ఎవరికీ చెప్పొద్దన్న మాటతో సహా అందరికీ చెప్పడమే ఆ గొలుసు పద్ధతి.

పదిన్నరకు పాస్టరు గారు వచ్చారు. ఆర్మస్ ట్రక్కు మెట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాస్టరు వచ్చి పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు.

"భయంగా ఉందా, ఆర్మస్?"

ఇంతలోనే ఈయనకెలా తెలిసింది? గిల్బర్ట్ నోట్లో నువ్వుగింజ నానదు కదా అనుకున్నాడు ఆర్మస్. దాచి లాభం లేదు. "చాలా భయంగా ఉందండీ."

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్నేనండీ. పుల్ల పెట్టి చూశా. ఆ రంగు చూడగానే నా పని అయిపోయిందనుకున్నా."

పాస్టరు ఒక్కసారి కళ్ళు మూసుకున్నారు. "నువ్వే చూసుకున్నావా? పుల్లతో?"

"ఇంకెవరు చూస్తారండీ? పుస్తకంలో ఉన్నట్టే చేశా. ముందు ప్లయర్‌తో లాగాల్సి వచ్చింది."

పాస్టరు గారు మోకాళ్ళు రెండూ దగ్గరికి లాక్కున్నారు. తరవాత మెల్లగా అన్నారు. "ఎల్నాకి చెప్పలేదా?"

"పాస్టీలు హాలుకి చేరాక చెబుదామని."

"ఇంత కష్టంలోనూ నీకు చర్చి పనే గుర్తుందా!" పాస్టరు అతని భుజం నొక్కారు. "చూడు ఆర్మస్, నువ్వు తెలిసీ తెలియక చేసినవన్నీ ఆయన క్షమిస్తాడు."

"క్షమించడండీ."

"అలా అనకు. ఆయన దయ నీకు తెలీదు."

"మీకే ఆయన సంగతి తెలీదు," అన్నాడు ఆర్మస్ దీనంగా. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. దయా గియా ఏం లేవు. పార ఇచ్చినా అంచు తడిమి చూసుకునే రకం."

ఇరవై ఆరేళ్ళుగా ఎందరినో ఓదార్చిన పాస్టరు గారు దేవుడి గురించి ఇలాంటి మాట ఇదివరకు వినలేదు. ఆయన లేచి, ఎల్నాను ఓదార్చడానికి లోపలికి వెళ్ళారు.

అప్పటినుంచి కార్లు రావడం మొదలైంది. కష్టమొచ్చిన ఇంటికి వండి తీసుకెళ్ళే ఆ ఊరి ఆచారం ప్రకారం ఒక్కొక్కరూ గిన్నె పట్టుకుని దిగుతున్నారు. నూడుల్స్ గిన్నె, బంగాళాదుంపల గిన్నె, పచ్చ బఠాణీలు వేసిన చేప గిన్నె. దిగినవాళ్ళంతా ఆర్మస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ధైర్యంగా ఉండు," అంటున్నారు. రూబెన్ ఎంత కోపిష్టో ఊరందరికీ తెలుసన్నమాట అనుకుని ఆర్మస్ మరింత కుంగిపోయాడు.

పదకొండుంపావుకు రూబెన్ స్వయంగా వచ్చాడు. పొరుగింటివాళ్ళ కారులోంచి దిగి, టోపీ తీసి చేత్తో నలుపుతూ తిన్నగా ట్రక్కు వైపే నడిచాడు. ఆర్మస్ ఎదురెళ్ళాడు.

"బావా, నా తప్పే..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు రూబెన్. అతని కళ్ళలో నీళ్ళు చూసి ఆర్మస్ నిర్ఘాంతపోయాడు. "ముందు నన్ను చెప్పనీ. ఇది మనసులో పెట్టుకుని నేను నిన్ను సాగనంపలేను. ఈ ట్రక్కు గేరుబాక్సు పోయిన అక్టోబరులోనే పోయింది."

"ఏంటీ?"

"పడవని ఒడ్డుకి లాగుతుంటే మాడిపోయింది. పొగ కూడా వచ్చింది. ఆ పుల్ల గొట్టం మూత రెండేళ్ళ కిందటే ఊడి పుల్ల తుప్పు పట్టింది, నేనే పట్టించుకోలా. నీ చేతిలో ఆగిపోతే తప్పు నీదేననుకుని నువ్వే బాగు చేయిస్తావని తెచ్చి పెట్టా. నిన్ను మించిన మంచోడు దొరకడు కదా!" రూబెన్ అతన్ని వాటేసుకుని భోరుమన్నాడు. "క్షమించు బావా. ట్రక్కు నువ్వే ఉంచుకో. ఉన్నన్నాళ్ళూ నడుపుకో."

ఆర్మస్ అతని కౌగిలి విడిపించుకున్నాడు. "అంటే... ఆ మాడు వాసన నా వల్ల కాదా? నేను రాల్చిన తుప్పు వల్ల కాదా?"

గుమ్మంలో గిన్నె పడిన చప్పుడైంది. ఎల్నా నిలబడి ఉంది. వెనక పాస్టరు గారు, ఐలీన్, గిన్నెలు తెచ్చిన మిగతావాళ్ళు.

"తుప్పు పట్టింది గేరుబాక్సుకా?" అంది ఎల్నా.

"మరి దేనికి?"

"నువ్వు చచ్చిపోతున్నావనుకున్నా!"

"నేనా? ఎప్పుడు?"

"ఈ మధ్యాహ్నం!" అని అరిచి, ఎల్నా పొయ్యి దగ్గర చేతికి తొడుక్కునే దళసరి తొడుగుతో అతని వీపు మీద నాలుగు బాదింది. ఐదో దెబ్బకు వాటేసుకుని ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, మెల్లగా తన అన్న వైపు తిరిగింది. రూబెన్ టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. పొరుగింటివాళ్ళ కారు అప్పటికే వెళ్ళిపోయింది.

అప్పుడు ఎవరో గడియారం చూశారు. పదకొండు ముప్పై ఎనిమిది. ఆర్మస్ పరుగెత్తి ట్రక్కు ఎక్కి ఇంజను నడిపి గేరు వేశాడు. అది ఒక్క గజం వెనక్కి జరిగి, ఆవు అంబా అన్నట్టు ఒక కూత కూసి, అక్కడే నిలిచిపోయింది. కానీ వాకిట్లో, వీధిలో కలిపి పదమూడు కార్లున్నాయి. ఐలీన్ చప్పట్లు చరిచి అందరినీ వరసలో నిలబెట్టింది. కార్ల డిక్కీల్లో, వెనక సీట్లలో, పాస్టరు గారి ఒళ్ళో, ఎక్కడ పడితే అక్కడ పెట్టెలు సర్దారు. పన్నెండుకు ఇంకా నాలుగు నిమిషాలుండగా పాస్టీలు హాలు చేరాయి. సంతాపానికి తెచ్చిన గిన్నెలు కూడా బల్లల మీద పెట్టేశారు. బఠాణీల చేప గిన్నె అందరికంటే ముందు ఖాళీ అయింది.

తరవాతి ఆదివారం, కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం చర్చిలో చదివే ప్రార్థనల జాబితాలో ఆర్మస్ పేరు కొట్టేసి, అదే చోట రూబెన్ పేరు రాశారు.