పెద్దల్లుడి నీళ్ళు

సోమవారం ఉదయం అయిదున్నరకు పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక అట్టముక్క, ఒక మార్కరు పెన్ను, నాలుగు మేకులు. శనివారం వచ్చేసరికి తోడల్లుడు తలెత్తుకోకూడదు. అంతే.

ఇద్దరూ ఒకే ఈతకొలనులో పనిచేస్తారు. పెద్దల్లుడు నీళ్ళు చూస్తాడు. వడపోసే యంత్రం కడగటం, క్లోరిన్ కలపటం, రోజుకు మూడుసార్లు గాజుగొట్టంలో నీళ్ళు పట్టి పరీక్షించటం. పదకొండేళ్ళుగా అదే పని. చిన్నల్లుడు కోచ్. వచ్చి రెండేళ్ళయింది. పదకొండేళ్ళలో పెద్దల్లుడి పేరు అడిగినవాళ్ళు లేరు. కోచ్ పుట్టినరోజు మాత్రం పొద్దుటి బ్యాచ్‌లో నలభైమందికీ తెలుసు.

శనివారం నాడు ఈతకొలనును నడిపే సంఘం కమిటీ కూర్చుని మేనేజరును ఎంచుతుంది. పోటీలో ఉన్నది వీళ్ళిద్దరే.

"మరిదికే వస్తుందట కదండీ?" అంది భార్య టీ గ్లాసు అందిస్తూ.

"ఎవరన్నారు?"

"అమ్మ."

"మీ అమ్మ కమిటీలో ఎప్పుడు చేరింది?"

"చేరక్కర్లేదు. బ్యాచ్‌లో అందరికీ చెబుతోందిగా. మోకాళ్ళ నొప్పులు పూర్తిగా పోయాయట. అంతా మరిది చేతి చలవంటోంది."

"నొప్పులు పోయింది నీళ్ళలో నడిచినందుకు. ఆ నీళ్ళు ఎవరివి?"

"ఏ మాట మొదలుపెట్టినా మీరు తేలేది ఆ నీళ్ళలోనే."

అత్తగారికి ఇద్దరే కూతుళ్ళు. కిందటేడు ఒంటరిగా ఉండలేనని, ఎవరో ఒకరి దగ్గరికి వస్తానని కబురు పెట్టింది. పెద్దల్లుడు ముందు గదికి రంగు వేయించి, కిటికీకి కొత్త తెర కట్టించాడు. ఆవిడ నేరుగా చిన్నల్లుడింటికి వెళ్ళింది. పెద్దల్లుడి దగ్గర ఎప్పుడూ క్లోరిన్ మందు వాసన వస్తుందని చిన్న కూతురితో అందట. ఆ మాట అతని చెవిన పడటానికి ఒక్కరోజు పట్టింది. బయటికి పోవటం ఇప్పటికీ కాలేదు.

ఆ వాసనే అతని అసలు బాధ. ఏడు గంటల బ్యాచ్ స్నానం చేయకుండా నీళ్ళలో దూకుతుంది. తలనూనె, చెమట, మొహాలకు రాసుకున్న క్రీములు. చెప్పకూడనిది ఇంకొకటి కూడా. ఇవన్నీ క్లోరిన్‌తో కలిస్తేనే ముక్కులదిరే ఆ ఘాటు. కళ్ళెర్రబడేది, దగ్గు వచ్చేది, ఒళ్ళు దురదపెట్టేది దానివల్లే. శుభ్రమైన కొలనుకు వాసన ఉండదు. ఈ సంగతి అతను పదకొండేళ్ళుగా చెబుతున్నాడు. ఎవరూ నమ్మలేదు. కళ్ళు మండినప్పుడల్లా కోచ్ అందరి ముందూ నవ్వుతూ అనేవాడు.

"ఏం లేదు, మా అన్నయ్య ఇవాళ మందు కాస్త ఎక్కువ వేశారు. కళ్ళు కడుక్కోండి."

ఆ నవ్వుకు విరుగుడే అట్టముక్క. కోచ్ బ్యాచ్‌ను బెదరగొట్టి కోచ్ మీదికే ఉసిగొల్పాలి. క్లాసుకు జనం తగ్గితే ఆ చెడ్డపేరు కోచ్‌దే. పెద్దల్లుడు లావుపాటి అక్షరాలతో రాశాడు.

"గమనిక. నేటి నుంచి నీళ్ళలో కొత్త మందు కలుపుతున్నాము. నీళ్ళలో మూత్రం పోసినవారి చుట్టూ రంగు తేలును. పేర్లు రాసుకోబడును."

అలాంటి మందు లేదు. అది అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఏడింటికి జనం బోర్డు ముందు గుమిగూడారు. అందరికంటే ముందు ప్లీడరు గొంతు సవరించుకున్నాడు.

"ఏమయ్యా, ఏ రంగు?"

పెద్దల్లుడు ఆ సంగతి ఆలోచించలేదు.

"అది మనిషిని బట్టి ఉంటుంది సార్."

ఆ ఒక్కమాట బోర్డు కంటే బాగా పనిచేసింది. తనది ఏ రంగో తెలియక ప్లీడరు మరుగుదొడ్డి వైపు నడిచాడు. అతని వెనక పళ్ళ డాక్టరు, ఆమె వెనక బ్యాంకు క్యాషియరు. రెండే మరుగుదొడ్లు. వరస వరండా దాటి సైకిళ్ళ దాకా వెళ్ళింది. పనిలో పనిగా అందరూ షవరు కింద నిలబడి సబ్బుతో రుద్దుకున్నారు. పాత పాపాలకు కూడా రంగు తేలుతుందేమోనని భయం. క్లాసు నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.

"అన్నయ్యా, ఇదేం మందు? నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా," అన్నాడు కోచ్.

"నీళ్ళ సంగతి నేను చూస్తున్నాను తమ్ముడూ. నువ్వు ఈత చూసుకో."

మంగళవారం బ్యాచ్‌లో ఇద్దరు తగ్గారు. బుధవారం ఇంకో ముగ్గురు. పెద్దల్లుడికి రాత్రి నిద్ర బాగా పట్టింది.

గురువారం నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున పలకల మధ్య గీతలు లెక్కపెట్టవచ్చు. ఎవరి కళ్ళూ ఎర్రబడలేదు. ఎవరూ దగ్గలేదు. ఘాటు పూర్తిగా పోయింది. పదకొండేళ్ళలో అతను అంత మంచి నీళ్ళు చూడలేదు. గాజుగొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడ్డాడు. చూడటానికి ఇంకెవరూ లేరు.

పదింటికి అధ్యక్షుడి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. అధ్యక్షుడు పరుపుల వ్యాపారి. నీళ్ళలో దిగడు. బల్ల ముందు ప్లీడరు, పళ్ళ డాక్టరు, పక్కన కోచ్ ఉన్నారు.

"వాసన ఏదయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"పోయిందండీ."

"పోయిందని నాకూ తెలుసు. ఎక్కడికి పోయిందని అడుగుతున్నా. వీళ్ళంతా మూడు రోజులుగా మందు వాసన తగ్గుతూ వచ్చి, ఇవాళ అసలే లేదంటున్నారు. మందు వెయ్యటం మానేశావా?"

"నీళ్ళు బాగుంటే వాసన రాదండీ. వాసన వస్తే బాగాలేనట్టు."

"నాకే చెబుతున్నావా? ఆస్పత్రికి వెళితే వాసన రాదూ? ఆస్పత్రి శుభ్రంగా లేనట్టా?"

పెద్దల్లుడు గాజుగొట్టం చూపించాడు. అందులో క్లోరిన్ సరిగ్గా ఉందని చెప్పే గులాబీ రంగు చక్కగా తేలి ఉంది. అధ్యక్షుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది షర్బత్‌లా ఉంది. నాకు వాసన కావాలి."

అప్పుడు కోచ్ కల్పించుకున్నాడు. "పోనీండి సార్. మా అన్నయ్య కావాలని చేసే మనిషి కాదు. మర్చిపోయి ఉంటారు. వయసు కూడా అవుతోందిగా."

తిట్టినా బాగుండేది. వెనకేసుకొచ్చాడు. పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"శనివారానికి వాసన రావాలి. ఆ రోజు కమిటీ అంతా పూల్ దగ్గరే కూర్చుంటుంది," అన్నాడు అధ్యక్షుడు.

శుక్రవారం సాయంత్రం పెద్దల్లుడు క్లోరిన్‌ను హద్దు దాటకుండా, హద్దు దాకా వేశాడు. వంగి ముక్కు పెట్టి పీల్చాడు. వాసన రాలేదు. రావాలంటే నీళ్ళలో మురికి ఉండాలి. మురికిని అతనే బోర్డు పెట్టి తరిమేశాడు. ఒక దశలో బోర్డు పీకేద్దామా అనుకున్నాడు. మానుకున్నాడు.

ఇంట్లో ఇంకో ముచ్చట జరిగింది. చిన్న కూతురు తల్లికి ఈత కళ్ళద్దాలు కొనిపెట్టిందని తెలిసి, వారం కిందటే పెద్దల్లుడు భార్యను ఉసిగొల్పాడు.

"మనమూ ఏదో ఒకటి కొనాలి. వాళ్ళకంటే పెద్దది."

"ఈత డ్రస్సు కొననా?"

"కొను. కనబడేలా ఉండాలి."

ఆమె కనబడేదే కొన్నది. మెడ నుంచి మోకాళ్ళ దాకా ముదురు ఊదా రంగు, సగం ధరకే ఇచ్చారట. శుక్రవారం వెళ్ళి తల్లికి ఇచ్చి వచ్చింది.

శనివారం ఏడింటికి కమిటీ కొలను గట్టున అయిదు కుర్చీల్లో కూర్చుంది. మధ్యలో అధ్యక్షుడు ముక్కు ఎగబీలుస్తూ ఉన్నాడు. బ్యాచ్ మొత్తం నీళ్ళలో ఉంది. అత్తగారు కొత్త డ్రస్సులో నడుములోతు దాకా దిగి, చేతులు ఊపుతూ నడక మొదలుపెట్టింది. ఆవిడ నాలుగు అడుగులు వేసింది. వెనకే ఊదా రంగు కూడా నాలుగు అడుగులు వేసింది.

ముందు చూసింది పళ్ళ డాక్టరు. ఆమె గబగబా గట్టెక్కింది. ఆమెను చూసి క్యాషియరు, అతన్ని చూసి మిగతావాళ్ళు. నిమిషంలో కొలను ఖాళీ అయింది. మధ్యలో అత్తగారు ఒక్కతే మిగిలింది. చుట్టూ రంగు ఇంకా విచ్చుకుంటోంది.

"ఏమైందర్రా? పామేమన్నా వచ్చిందా?" అంది ఆవిడ.

ప్లీడరు బోర్డు వైపు చూశాడు. ఆవిడా చూసింది. వారం నుంచి కళ్ళజోడు లేక చదవని బోర్డును గట్టు మీంచి ఒకావిడ చదివి వినిపించింది. అత్తగారి మొహం తెల్లబోయింది.

"నేను కాదు! ఒట్టు!"

"పెద్దావిడ కదా, పోనిద్దాం," అన్నారెవరో. ఆ జాలి ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది. గట్టెక్కటానికి మెట్టు మీద కాలు పెట్టబోయి, తనకోసం ఎవరూ చెయ్యి చాచకపోవటం చూసి ఆగిపోయింది.

అప్పుడు కోచ్ దూకాడు. రంగు మధ్యలో అత్తగారి పక్కన నిలబడి, కమిటీకి వినపడేలా అన్నాడు.

"ఆవిడ కాదు. నేను. క్లాసుకు ముందు నేనే పోశాను."

అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు. ప్లీడరు "ఛీ" అన్నాడు. పెద్దల్లుడికి మేనేజరు కుర్చీ కళ్ళకు కట్టింది. ఇంక నోరు మూసుకుని నిలబడితే చాలు. అయిదు నిమిషాలు. అంతకంటే తేలికైన పని అతనికి జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.

కానీ అతను అత్తగారి వైపు చూశాడు. ఆవిడ చిన్నల్లుడి భుజం పట్టుకుని, వాడి మొహంలోకి చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ తనను ఒక్కసారి కూడా అలా చూడలేదు. కుర్చీ పోతే పోనీ అనిపించింది. వీడికి ఆ చూపు మాత్రం దక్కకూడదు.

"అబద్ధం!" అని అరిచాడు. "వాడు పోయలేదు. ఎవరూ పోయలేదు. రంగు తేలే మందంటూ లేనే లేదు. బోర్డు నేనే కల్పించి రాశాను. అది డ్రస్సు రంగు. నా భార్య కొన్నది. కొనమన్నది నేనే."

పళ్ళ డాక్టరు అత్తగారిని గట్టెక్కించి, వంగి డ్రస్సు అంచు పట్టి పిండింది. ధారగా ఊదా రంగు కారింది.

"అంటే ఈ వారమంతా మేం వరసలో నిలబడింది..." అన్నాడు ప్లీడరు.

"ఊరికే సార్."

"నాకేదో రంగు ఉంటుందని వారం రోజులు మంచినీళ్ళు తాగలేదయ్యా!"

కమిటీకి చర్చ అక్కర్లేకపోయింది. పదినిమిషాల్లో తేల్చేశారు. సభ్యులను బెదిరించినవాడు మేనేజరు పనికి పనికిరాడు. అత్తగారి పరువు కోసం తన పరువు తీసుకున్నవాడు పనికొస్తాడు. ఇక బోర్డు మాత్రం తీయవద్దన్నారు. పట్టణ ఆరోగ్య శాఖ వాళ్ళు శుక్రవారం పరీక్షకు తీసుకెళ్ళిన నీళ్ళ ఫలితం అప్పుడే వచ్చిందట. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేవని రాశారు. అధ్యక్షుడు ఆ కాగితం చదివి, కోచ్‌ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"చూశావా, నువ్వు మేనేజరు కాగానే!"

పెద్దల్లుడు యంత్రం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పదకొండేళ్ళ పనికి దక్కాల్సిన కుర్చీ, ఒక్క అరుపుతో పోయింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. తువ్వాలు కప్పుకుని అత్తగారు నిలబడి ఉంది. వెనక కొత్త మేనేజరు.

"పెద్దల్లుడుగారూ, మీతో ఒక మాట," అంది.

తిట్లకు సిద్ధపడి అతను తల వంచుకున్నాడు.

"నేను పోయలేదని అక్కడ గట్టిగా అన్నది మీరొక్కరే."

"అత్తయ్యగారూ, బోర్డు రాసిందే నేను..."

"బోర్డు సంగతి వదిలెయ్యండి. ఏడాదిగా వీడింట్లో ఉన్నాను. వీడు నా పక్కన దూకి ఏమన్నాడు? నేనే పోశాను అన్నాడు. అంటే ఏమిటి? నేను పోశానని నమ్మాడనేగా! నమ్మకపోతే నెత్తినేసుకోవటం దేనికి?"

"అయ్యో, అది కాదత్తయ్యా..." అన్నాడు కోచ్.

"నోర్ముయ్. నువ్వు దూకకముందు నలుగురికే అనుమానం. నువ్వు దూకాక నాకే అనుమానం వచ్చింది."

పెద్దల్లుడు తల ఎత్తాడు. నిజం ఏమిటో అతనికి తెలుసు. తను ఎందుకు అరిచాడో అంతకంటే బాగా తెలుసు. చెప్పవచ్చు. చెప్పలేదు. తోడల్లుడి మొహం వాడిపోవటం అతను మొదటిసారి చూస్తున్నాడు. దాన్ని అలాగే ఇంకాసేపు చూడాలనిపించింది.

"నాకు మీరంటే ముందు నుంచీ గౌరవం అత్తయ్యగారూ," అన్నాడు.

"ఇక వీడింట్లో నేను ఉండను. ఉన్నన్నాళ్ళూ మీ దగ్గరే. ప్రాణం ఉన్నంతవరకూ."

పెద్దల్లుడి నవ్వు సగంలో ఆగింది. కోచ్ మొహంలో వాడిపోయినదేదో మెల్లగా విచ్చుకుంది.

సాయంత్రం నాలుగు పెట్టెలు, రెండు పరుపులు, నడుముకు వేణ్ణీళ్ళ సంచి, కాళ్ళు పెట్టుకునే పీట, పద్నాలుగు మందు సీసాలు వచ్చాయి. అన్నీ కోచే మోశాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి పెద్దల్లుడికి రోజువారీ పనులు చెప్పటం మొదలుపెట్టింది. ఏ సీసా ఎప్పుడు, వేణ్ణీళ్ళు ఎంత వేడి, కిటికీ ఎంత తెరవాలి, రేడియో ఎన్నింటికి, ఎంత గట్టిగా. ఆరోదానికి వచ్చేసరికి కోచ్ ఆఖరి పెట్టె దించి, ఇద్దరికీ దణ్ణం పెట్టి, మెట్లు దిగాడు.

పెద్దల్లుడు కిటికీలోంచి అతను వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. అంత తేలిగ్గా నడిచే మగవాణ్ణి అతను ఎన్నడూ చూడలేదు.