చౌక పవర్ సప్లై, మెట్ల మీద సంఘం

పాఠకులారా, మనుషుల్ని దగ్గర చేసేది మంచి మాట అని మీరు నమ్ముతున్నారా? అయితే నష్టపోయారు. మనుషుల్ని దగ్గర చేసేది నాసిరకం పవర్ సప్లై. కావాలంటే లెక్క చూపిస్తాను.

పవర్ సప్లై అంటే, కంప్యూటర్ పెట్టెలో ఒక మూల కూర్చుని, గోడలోంచి కరెంటు తీసుకుని మిగతా భాగాలకు పంచే ఇనప డబ్బా. దానికి తెర లేదు, చప్పుడు లేదు, అందం లేదు. అలాంటి సరుకు సంగతి నాకు బాగా తెలుసు. రాయపూర్ పండరీ బజారులో నేను టోకున అమ్మేది అస్తరు గుడ్డ. పెళ్లి లెహంగాకు సంచీ బోర్లించే పెద్దమనిషి, అస్తరు దగ్గరికి వచ్చేసరికి "లోపల ఎవరు చూస్తారు సేఠ్, తగ్గించు" అంటాడు. ఈ సూత్రంతో ఊరంతా నా దగ్గర లాభపడింది. ఒక్కసారి నేనూ లాభపడదామనుకున్నాను.

మా అమ్మాయి ప్రీతి ఇంజనీరింగ్ చదువుతోంది. రోజూ పాఠాలు కాగానే ఒక జట్టుతో కలిసి కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడుతుంది. జట్టులో మిగతావాళ్లు భిలాయ్‌లో కొందరు, బిలాస్‌పూర్‌లో కొందరు. రాష్ట్ర పోటీలకు వెళ్లాలని వాళ్ల పట్టుదల. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నాం. లోపల రంగురంగుల లైట్లు తిరిగే అద్దాల పెట్టె కొన్నాం. చివరికి మిగిలింది ఈ డబ్బా.

దుకాణదారు రెండు రకాలు ముందు పెట్టాడు. ఖరీదైనదాని మీద 'ఎనభై' అని ఏదో ముద్ర ఉంది. ఏమిటని అడిగాను.

"తీసుకున్న కరెంటులో ఎనభై శాతం పైనే పనికొస్తుంది సేఠ్‌జీ. మిగతాది వేడిగా పోతుంది."

నూటికి ఇరవై తరుగని నుదుట రాసుకున్న సరుకుకి మూడింతల ధరా! రెండో డబ్బా మీద తరుగు ప్రసక్తే లేదు. పైగా ఏడు వందల యాభై వాట్లని బంగారు అక్షరాలు. చేత్తో ఎత్తి చూశాను. బరువు కూడా దానిదే ఎక్కువ.

"నాన్నా, అది వద్దు. కొన్నవాళ్లందరూ నెట్‌లో తిడుతున్నారు" అంది ప్రీతి.

"తిట్టాలన్నా ముందు కొనాలి కదమ్మా. అంతమంది కొన్నారంటే చూడు మరి" అన్నాను.

ఆ సాయంత్రం ఆట మొదలైంది. శత్రువు కనిపించాడు. ప్రీతి తుపాకీ ఎత్తింది. డబ్బా టప్పుమంది. కరెంటు పోయింది.

మా ఒక్కరిదే కాదు. శంకర్ నగర్‌లో మా బిల్డింగ్ కట్టినాయన కూడా నాలాగే లెక్క తెలిసిన మనిషి. అన్ని ఫ్లాట్లకూ కలిపి మెట్ల కింద ఒకటే ట్రిప్ స్విచ్ పెట్టించాడు. ఎవరింట్లో తేడా వచ్చినా అందరికీ చీకటే. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడైనా ఉందా?

తడుముకుంటూ మెట్లు దిగుతున్నాను. పైనుంచి ఇంకెవరో దిగుతున్నారు.

"ఓర్నాయనో, ఈ మెట్టెక్కడున్నాదిరా బాబూ" అని వినిపించింది.

"ఇంకొకటుందండీ, చూసుకోండి" అన్నాను, తొందరలో హిందీ మరిచిపోయి.

పైన అడుగులు ఆగిపోయాయి.

"మీరు తెలుగోలేటండీ?"

పై అంతస్తు భాయ్‌సాబ్! రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. ఏళ్ల తరబడి ఎదురుపడినప్పుడల్లా ఆయన "సబ్ బఢియా?" అని క్షేమం అడిగేవారు, నేను "బఢియా" అనేవాణ్ని. నన్ను ఆయన మార్వాడీ అనుకున్నారట. ఆయన్ని నేను బిహారీ అనుకున్నాను. తీరా చూస్తే విజయనగరం నూకరాజు గారు. వెలుతురులో అందరం హిందీవాళ్లమే. చీకట్లో కాలు జారితేగానీ ఎవరి భాష ఏదో బయటపడలేదు.

మర్నాడు ప్రీతి మళ్లీ తుపాకీ ఎత్తింది. ఈసారి రెండో అంతస్తులో ఇంకో తెలుగు కుటుంబం బయటపడింది. ఆ తర్వాత మూడోది. వారం తిరిగేసరికి మెట్ల మీద చాపలు, ఫ్లాస్కులు, నూకరాజు గారి భార్య తాయారమ్మ గారి పకోడీలు. చీకట్లోనే రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయి. మా చీకటి బాగుందని తెలిసి బీర్‌గావ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఆటో కట్టించుకుని రావడం మొదలుపెట్టారు. స్విచ్ పైకెత్తడానికి వెళ్లిన మనిషిని కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్లం. విడివిడిగా స్విచ్‌లు బిగిస్తానని వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు శాలువా కప్పి పంపించేశాం.

ఒకసారి డబ్బాను రిపేరుకిస్తే, బరువు కోసం లోపల అతికించిన ఇనప ముక్క కనబడింది. ఉక్కు మిల్లుల ఊళ్లో ఉంటూ ఇనుము ఉచితంగా వస్తే కాదంటామా? మళ్లీ మూత బిగించమన్నాను.

అందరికీ లాభమే. ఒక్క ప్రీతికి తప్ప.

"ఆదివారం రాష్ట్ర పోటీలకు క్వాలిఫైయర్ నాన్నా. మళ్లీ మధ్యలో మాయమైతే నా ప్లేస్‌లో ఇంకొకరిని తీసుకుంటామని కెప్టెన్ చెప్పేశాడు. ఆ డబ్బా మార్చండి."

మార్చడానికి నేనెవరిని? అప్పటికే మెట్ల మీద సంఘం పెట్టుకున్నాం, దాని తీర్మానం ఉంది. బిల్డింగ్‌లో నాణ్యమైన పవర్ సప్లై పెట్టకూడదని నూకరాజు గారి అధ్యక్షతన ఏకగ్రీవంగా ఆమోదించాం. పైగా తాయారమ్మ గారు ఆట టైము అడగడానికి స్వయంగా వచ్చారు.

"ఎన్ని గంటలకమ్మా? పిండి కలుపుకోవాల."

"అంటే ఆంటీ, నేను ఓడిపోవాలని మీరంతా వెయిటింగా?"

"సీ, అవేం మాటలమ్మా. ఓడిపోవాలని ఎందుకనుకుంటాం? కరెంటు పోతే సాలు."

ప్రీతి లేచి స్క్రూడ్రైవర్ అందుకుంది. మర్నాడు కాలేజీ స్నేహితురాలికి ఆ అద్దాల పెట్టె అమ్మేసింది. వచ్చిన డబ్బుతో ఎనభై ముద్ర ఉన్న డబ్బా తెచ్చుకుంది. మిగతా భాగాలన్నీ కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో సర్దింది. చూస్తే టమాటాలు పోసుకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేలా లేదు.

ఆదివారం సాయంత్రం మెట్లన్నీ నిండిపోయాయి. పకోడీలు వేగాయి. పైన ఆట మొదలైంది. ప్రీతి అరుపులు వినబడుతున్నాయి. అందరం బల్బు వైపు చూస్తూ కూర్చున్నాం. బల్బు కనీసం రెప్ప కూడా వేయలేదు.

అంత వెలుతురులో ఒకరి మొహాలు ఒకరం అంతకుముందు చూసుకోలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో "అచ్ఛా, చల్తే హైఁ" అని లేచారు. నూకరాజు గారు నాకేసి తలూపి "సబ్ బఢియా?" అన్నారు. "బఢియా" అన్నాను. పైన ప్రీతి జట్టు గెలిచింది. ఆ కేక వినబడేసరికి మెట్ల మీద నేనూ, పకోడీల పళ్లెమూ తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు వెళ్లి నూకరాజు గారి తలుపు తట్టాను.

"కౌన్?"

"నేనండీ, కింద ఫ్లాటు."

తలుపు జానెడు తెరుచుకుంది. "ఏటండీ, ఏటి కావాల?"

ఏం కావాలని చెప్పను? పనిలేకుండా ఒకరి గుమ్మం ఎక్కడం నా వ్యాపారంలో లేదు, ఆయన డ్యూటీలోనూ లేదు.

"ఏం లేదండీ. మీ ఇంట్లో కరెంటు ఉందా అని."

ఆయన వెనక్కి తిరిగి ట్యూబ్‌లైటు వైపు చూశారు. కొంచెం ఆశగానే చూశారు.

"ఉన్నాదండీ."

"మాకూ ఉందండీ."

ఇద్దరిళ్లలోనూ కరెంటు ఉన్నప్పుడు మాట్లాడుకోవడానికి ఇంకేముంటుంది? ఆయన తలుపు వేసుకున్నారు.